కార్జంలో నీటి బుడగలు: మాంసం సరే, కుక్కల సంగతి చూడండి

ప్రశ్న: పండక్కి యాటను కోస్తే కార్జంలో, ఊపిరితిత్తుల్లో నీళ్లు నిండిన తెల్లటి బుడగలు కనిపించాయి. ఆ ముక్కలు మంద దగ్గరి కుక్కలకు వేసి, మిగతా మాంసం వండుకున్నాం. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. మాకేమైనా అవుతుందా?
– ఒక గొర్రెల పెంపకందారు, మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: తిన్న మాంసం గురించి భయపడకండి. మీరు చెప్పినదాన్ని బట్టి అవి హైడాటిడ్ తిత్తులు కావచ్చు. పొరపాటున వాటిని తిన్నా మనిషికి ఆ జబ్బు రాదు. చిక్కంతా కుక్కలకు వేసిన ముక్కలతోనే.

ఆ బుడగల్లో ఉండేవి ఒక రకం బద్దెపురుగు పిల్లలు. కుక్క తింటే దాని పేగుల్లో ఎదుగుతాయి, ఎంత ఎదిగినా బియ్యపు గింజంతే, పైగా కుక్క హుషారుగానే తిరుగుతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. సుమారు ఆరేడు వారాలకు మలంలో గుడ్లు పడడం మొదలవుతుంది. అవి గడ్డికి, కూరగాయలకు, తాగే నీళ్లకు, కుక్క బొచ్చుకు అంటుకుంటాయి. గొర్రె మేస్తూ మింగితే దాని కార్జంలో బుడగ, కుక్కను నిమిరిన చేత్తోనే పిల్లాడు అన్నం తింటే వాడి కార్జంలో బుడగ. మనిషి నుంచి మనిషికి మాత్రం అంటదు.

ముక్కలు తిన్న కుక్కలన్నిటికీ ఇప్పుడే ప్రాజిక్వాంటెల్ వేయించండి, కిలో బరువుకు 5 మిల్లీగ్రాములు, అంటే 15 కిలోల కుక్కకు 75. పశువుల డాక్టరుకు చూపించి వేయిస్తే మంచిది. మందు పురుగును చంపుతుంది గానీ గుడ్లను చంపదు, అందుకని రెండు రోజులు కట్టేసి, ఆ మలాన్ని లోతుగా పూడ్చండి లేదా కాల్చేయండి. తర్వాత కూడా మూడు నెలలకోసారైనా మందు వేయాలి. గొర్రెలకు మామూలుగా తాగించే నట్టల మందుతో ఈ బుడగలు పోవు, దాని మీద డబ్బు పెట్టకండి.

ఇకపై బుడగలున్న కార్జం, ఊపిరితిత్తులు కుక్కలు తవ్వలేనంత లోతు గుంటలో పూడ్చండి. కుక్కలకు పెట్టాలనే ఉంటే అరగంట బాగా ఉడకబెట్టాకే పెట్టండి. పచ్చిది ఒక్క ముక్క కూడా వద్దు, ఊళ్లో మాంసం కొట్టేవాళ్లకూ ఈ మాట చెప్పండి.

మనుషుల్లో ఈ బుడగ ఏళ్ల తరబడి నిమ్మళంగా పెరుగుతుంది, కాబట్టి రేపే ఏదో అయిపోదు. ఎవరికైనా కుడి డొక్కలో బరువు, నొప్పి, తగ్గని దగ్గు ఉంటే డాక్టరుకు చూపించి స్కానింగ్ చేయించండి, ఇంట్లో కుక్కలూ గొర్రెలూ ఉన్నాయని ముందే చెప్పండి. ఆ అనుమానం లేకుండా బుడగను సూదితో గుచ్చితే లోపలి నీరు ఒంట్లోకి కారి ప్రాణం మీదికి రావచ్చు.