స్పైడర్ మ్యాన్ కోసం ఎన్నాళ్లయినా ఆగుతాను: రాబోయే సూపర్‌హీరో సినిమాలు, యానిమేషన్ గురించి నా మాట

"రాబోయే సూపర్‌హీరో సినిమాల్లో మీరు దేనికోసం ఎక్కువగా ఎదురుచూస్తున్నారు? యానిమేషన్‌లో వచ్చేవి పెద్దవాళ్లు కూర్చుని చూడదగ్గవేనా, లేక పిల్లల బొమ్మలేనా?" అని అడిగారు.

మొదటిదానికి జవాబు తడుముకోకుండా చెప్పగలను. 2027 జూన్‌లో వస్తుందని ప్రకటించిన 'స్పైడర్ మ్యాన్: బియాండ్ ద స్పైడర్‌వర్స్'. అది పూర్తిగా యానిమేషన్ సినిమా. అంటే రెండో ప్రశ్నకు నా జవాబు ఏమిటో మీకు ఇప్పటికే అర్థమై ఉంటుంది. అయినా ఎందుకో చెప్పాలి కదా.

ఒకరోజు మా అక్క కొడుకుతో కలిసి 'ఇన్‌టు ద స్పైడర్‌వర్స్' మళ్లీ చూస్తున్నాను. 2018లో వచ్చిన మొదటి భాగం. కొత్తగా స్పైడర్ మ్యాన్ అయిన కుర్రాడు మైల్స్, అతనికి పని నేర్పే పాత స్పైడర్ మ్యాన్ పీటర్, ఇద్దరూ శత్రువుల ల్యాబ్ నుంచి కంప్యూటర్ ఎత్తుకుని అడవిలో చెట్ల మధ్య సాలెదారాలు విసురుకుంటూ పారిపోయే సీన్ వచ్చింది. వాడు ఉన్నట్టుండి "మామయ్యా, డిస్క్ స్ట్రక్ అవుతోంది. మైల్స్ ఆగి ఆగి కదులుతున్నాడు" అన్నాడు.

డిస్క్ బాగానే ఉంది. వాడి కన్ను కూడా సరిగ్గానే పట్టుకుంది. సినిమా ఆపి, ఒక్కొక్క ఫ్రేమ్ జరుపుతూ చూపించాను. సెకనుకి 24 ఫ్రేములు. పీటర్ ప్రతి ఫ్రేముకీ కొంచెం కదులుతున్నాడు. అతనికి ఇదంతా అలవాటైన పని. మైల్స్ మాత్రం రెండు ఫ్రేములకోసారి కదులుతున్నాడు, అంటే సెకనుకి 12 సార్లే. సాలెదారం పట్టుకుని ఊగడం అప్పుడే నేర్చుకుంటున్న కుర్రాడు కాబట్టి అతని కదలికలోనే ఆ తడబాటు పెట్టారు. మైల్స్‌కి చేయి తిరిగేకొద్దీ కదలిక కూడా నునుపెక్కుతుంది. "నాకింకా రాదు" అన్న ముక్క ఎవరి నోటా చెప్పించకుండా ఫ్రేముల లెక్కతో చెప్పేశారు. నిజం మనుషుల్ని కెమెరా ముందు నిలబెట్టి తీసే సినిమాలో ఇలా చేయడానికి వీలుకాదు. నేను యానిమేషన్‌ని ఇంతగా ప్రేమించడానికి కారణం అడిగితే మొదట ఈ సీనే చూపిస్తాను.

థియేటర్లో మొదటిసారి చూసినప్పుడు నాకు ఇంకో అనుభవం అయింది. అక్కడక్కడ వెనక ఉన్న బిల్డింగులు రంగుల అంచులతో రెండేసిగా కనిపించాయి. 3డీ షోకి కళ్లద్దాలు తీసుకోకుండా వచ్చేశానేమోనని టెన్షన్ పడి పక్కవాళ్ల ముఖాలు చూశాను. ఎవరికీ అద్దాలు లేవు. పాత కామిక్ పుస్తకాలు అచ్చువేసేటప్పుడు ఒక రంగు మీద ఇంకో రంగు సరిగ్గా కూర్చోక కొంచెం పక్కకి జరిగేది. దాన్నే తీసుకొచ్చి ఇక్కడ వాడారు. మామూలు సినిమాలో దూరంగా ఉన్నదాన్ని మసకగా చూపిస్తారు, వీళ్లు రంగుల్ని పక్కకి జరిపారు. ముఖాల మీద నీడలు కూడా అచ్చులో పడే చుక్కలతో, గీతలతో వేశారు. ఆ సినిమాకి 2019లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ వచ్చింది. నా లెక్కలో అది చిన్న గౌరవమే. ఆ తర్వాత యానిమేషన్ సినిమాలు తీసే పద్ధతే చాలాచోట్ల మారిపోయింది.

2023 జూన్‌లో వచ్చిన రెండో భాగం 'అక్రాస్ ద స్పైడర్‌వర్స్' ఇంకా దూరం వెళ్లింది. 140 నిమిషాల సినిమా. కథలో ఎన్నో లోకాలు, ఒక్కో లోకంలో ఒక్కో స్పైడర్ మ్యాన్, ఒక్కో లోకానికి ఒక్కో రకం బొమ్మల గీత. ఇంకో లోకంలో స్పైడర్ అయిన అమ్మాయి గ్వెన్, ఆమె ఇంట్లో తండ్రీకూతుళ్ల సీన్ గుర్తు తెచ్చుకోండి. గోడల మీది రంగులు తడి కాగితం మీద వాటర్ కలర్ లాగా కిందికి కారుతుంటాయి. వాళ్లిద్దరి మధ్య మాట పెరిగితే రంగు ఒకలా ఉంటుంది, మనసు కరిగితే ఇంకోలా మారుతుంది. హోబీ అనే పంక్ స్పైడర్ మ్యాన్ అయితే ఒంటికి ఒక వేగం, జాకెట్‌కి ఒక వేగం, గిటార్‌కి ఇంకో వేగం. ఎవరి మాటా వినని మనిషి ఒంటి మీద బట్టలు కూడా ఒకదాని మాట ఒకటి వినవు. నాకు ఆ మూడు సినిమాల్లో, ఇంకా రాని మూడోదాన్ని కూడా కలిపి, అన్నిటికంటే ఇష్టమైన పాత్ర అతనే.

ఆ రెండో భాగం సరిగ్గా ఊపిరి బిగపట్టే చోట ఆగిపోయింది. మూడోది 2024 మార్చి 29న వస్తుందని ముందు ప్రకటించారు. తర్వాత ఆ తేదీ ఎత్తేశారు. నా స్నేహితుల్లో చాలామందికి కోపంగా ఉంది, అందులో న్యాయం లేదనను. కానీ నాకు మాత్రం ఈ ఆలస్యం ఊరట. రెండో భాగం చేసేటప్పుడు పదేపదే మార్పులు, ఎడతెగని పని గంటలు తట్టుకోలేక సుమారు వందమంది ఆర్టిస్టులు మధ్యలోనే వెళ్లిపోయారని 2023లో వార్తలొచ్చాయి. అది చదివాక గ్వెన్ ఇంటి సీన్ మళ్లీ చూశాను. ఆ రంగు అలా కారడానికి ఎన్ని చేతులు రాత్రుళ్లు మేలుకున్నాయో అనిపించింది. నన్ను సంతోషపెట్టడం కోసం ఎవరి ఆరోగ్యమూ పాడవకూడదు. ఇంకో ఏడాది పట్టినా పట్టనీ.

ఇక "పిల్లల బొమ్మలు" అనే మాట దగ్గరికి వద్దాం. ఇది విన్నప్పుడల్లా నాకు బాధగానే ఉంటుంది. ఎందుకంటే సూపర్‌హీరోకి ఇవాళ మనం చూస్తున్న రూపంలో సగం యానిమేషన్ ఇచ్చిందే. 1938లో కామిక్‌లో పుట్టిన సూపర్ మ్యాన్ మొదట్లో ఎగిరేవాడు కాదు, భవనాల మీదుగా దూకేవాడు. 1941లో ఫ్లైషర్ స్టూడియో అతని కార్టూన్లు తీసేటప్పుడు ఆ దూకడం తెర మీద మిడతలా ఎబ్బెట్టుగా కనిపించిందట. అందుకని ఎగిరేలా చేశారు. అంటే కెమెరా ముందు తీసిన ప్రతి సూపర్ మ్యాన్ సినిమా వెనక ఆ బొమ్మలు గీసినవాళ్ల ఆలోచన ఉంది. జోకర్ పక్కన కనిపించే హార్లీ క్విన్ కూడా అంతే. 1992లో బ్యాట్‌మ్యాన్ యానిమేషన్ సీరియల్ కోసం పుట్టించిన పాత్ర. కామిక్స్‌లోకి తర్వాత వెళ్లింది, నటులతో తీసిన సినిమాల్లోకి ఇంకా తర్వాత.

ఆ 1992 సీరియల్ గురించి నేను ఎంత చెప్పినా తక్కువే. మామూలుగా బ్యాక్‌గ్రౌండ్ బొమ్మలు తెల్ల కాగితం మీద వేస్తారు. వీళ్లు నల్ల కాగితం మీద వేశారు. అంటే చీకటి ముందే ఉంటుంది, వెలుతురు ఎక్కడ కావాలో అక్కడ మాత్రం రంగు పూస్తారు. బ్యాట్‌మ్యాన్ ఉండే గోథమ్ నగరం అంత రాత్రిగా, అంత బరువుగా కనిపించడానికి కారణం అదే.

మీరు ఒక్క ఎపిసోడ్ చూసి నిర్ణయించుకోవాలంటే 'హార్ట్ ఆఫ్ ఐస్' చూడండి. 22 నిమిషాలు. పాల్ డీనీ రాశాడు, బ్రూస్ టిమ్ డైరెక్ట్ చేశాడు. మిస్టర్ ఫ్రీజ్ అప్పటిదాకా కామిక్స్‌లో మంచు తుపాకీ పట్టుకు తిరిగే మామూలు విలన్. వీళ్లు అతనికి నోరా అనే భార్యని ఇచ్చారు. నయంకాని జబ్బుతో ఉన్న ఆమెని, మందు దొరికేదాకా కాపాడాలని గడ్డకట్టించి ఉంచుతాడు. కంపెనీ యజమాని వచ్చి ఖర్చు దండగని ఆ ప్రయోగం ఆపించేస్తాడు. ఆ పెనుగులాటలో జరిగిన ప్రమాదం వల్ల చలిలో తప్ప బతకలేని మనిషిగా మారతాడు. అతని గొంతులో ఎక్కడా ఏడుపు ఉండదు, కోపం ఉండదు, ఒకే చల్లని స్వరం. చివర్లో జైలు గదిలో కూర్చుని, గాజు గోళంలో తిరిగే చిన్న నాట్యగత్తె బొమ్మని చూస్తూ భార్యని క్షమించమని అడుగుతాడు. ఆ ఎపిసోడ్ రచనకి టీవీ కార్యక్రమాలకిచ్చే ఎమ్మీ అవార్డు వచ్చింది. ఆ తర్వాత కామిక్స్ వాళ్లు కూడా ఆ కథనే అతని కథగా తీసుకున్నారు. దాన్ని పిల్లల బొమ్మ అనగలరా? నేను చిన్నప్పుడు చూసి ఫ్రీజ్ ఓడిపోయాడని సంబరపడ్డాను. ఇప్పుడు చూస్తే గొంతు పట్టేస్తుంది.

అందులో బ్యాట్‌మ్యాన్‌కి గొంతిచ్చింది కెవిన్ కాన్రాయ్. ముసుగు లేని బ్రూస్ వేన్‌గా మాట్లాడితే తేలిక గొంతు, ముసుగు వేసుకున్నాక కింద స్థాయి గొంతు. ఒకే మనిషి రెండు మనుషులు. 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత సహాయక సిబ్బందికి భోజనాలు పెట్టే వంటగదిలో ఆయన వాలంటీరుగా వంట చేశాడు. ఈయనే బ్యాట్‌మ్యాన్ అని తోటివాళ్లకి తెలిసి గొంతు వినిపించమని అడిగితే, వంటగదిలోంచే ఆ గొంతుతో డైలాగ్ చెప్పాడట. బయట అలిసిపోయి తింటున్నవాళ్లంతా నవ్వారని ఆయనే చెప్పుకున్నాడు. 2022 నవంబర్‌లో ఆయన పోయారని తెలిసిన రాత్రి నేను ఆ పాత ఎపిసోడ్లు వరసగా వేసుకుని కూర్చున్నాను. ఒక మనిషి ముఖం దాదాపు ఎప్పుడూ చూడకుండా, గొంతు ఒక్కటే విని ఇంత దగ్గరవుతామా అనిపించింది.

అందుకే ఇప్పటి ఒక పద్ధతి మీద నాకు కొంచెం అభ్యంతరం ఉంది. 2024 డిసెంబర్‌లో వచ్చిన 'క్రీచర్ కమాండోస్' అనే యానిమేషన్ సీరియల్‌తో, సూపర్ మ్యాన్, బ్యాట్‌మ్యాన్‌ల కంపెనీ డీసీ వాళ్లు కొత్త వరస మొదలుపెట్టారు. యానిమేషన్‌లో గొంతిచ్చిన నటులే ఆ పాత్రల్ని మామూలు సినిమాల్లోనూ చేస్తారన్నది ఆ వరసని నడిపిస్తున్న జేమ్స్ గన్ ఆలోచన. కథలన్నీ ఒకే లోకంలో కలవడానికి అది మంచిదే, ఆ సీరియల్ కూడా నాకు నచ్చింది. కానీ గొంతుతో మాత్రమే నటించడం వేరే విద్య. జీవితమంతా మైక్ ముందే గడిపిన ఆర్టిస్టులకు పెద్ద పాత్రలు దొరక్కుండా పోతే, రేపు ఇంకో కాన్రాయ్ ఎక్కడినుంచి వస్తాడు?

2024లో వచ్చిన యానిమేషన్ సీరియల్ 'ఎక్స్‌మెన్ 97' ఆ విషయంలో నా మనసు గెలుచుకుంది. 1992లో మొదలైన పాత సీరియల్‌ని ఆపిన చోటునుంచే కొనసాగించారు, పాత గొంతుల్లో చాలావాటిని వెనక్కి పిలిచారు. అయిదో ఎపిసోడ్ గురించి కథ చెప్పేయకుండా ఒక్కటే అంటాను. ఆ జట్టులోని రోగ్ అనే ఆమె ఎవర్ని ముట్టుకున్నా వాళ్ల ప్రాణశక్తి లాగేసుకుంటుంది, అందుకే ఎప్పుడూ చేతులకు గ్లవ్స్ ఉంటాయి. ఆ ఎపిసోడ్ చివర్లో ఆమె ఒట్టి చేత్తో ఒకరిని తాకుతుంది, ఆ చేతికి ఏమీ తెలియదు. అంతే. ఆ తర్వాత కాసేపు నేను రిమోట్ ముట్టుకోలేదు.

'ఇన్విన్సిబుల్' కూడా గట్టి యానిమేషన్ సీరియలే. రక్తపాతం చాలా ఎక్కువ, ఇంట్లో పిల్లలుంటే వాళ్లు నిద్రపోయాక పెట్టుకోండి.

నటులతో తీస్తున్నవాటిలో 2026 డిసెంబర్ 18 తేదీ వేసుకున్న 'అవెంజర్స్: డూమ్స్‌డే' గురించి అందరూ అడుగుతున్నారు. ఐరన్ మ్యాన్ టోనీ స్టార్క్‌గా చేసిన రాబర్ట్ డౌనీ జూనియర్ ఈసారి ముసుగు వేసుకున్న విలన్ డాక్టర్ డూమ్‌గా వస్తున్నాడు. నేను తప్పకుండా వెళ్తాను, మొదటి రోజే వెళ్తాను. ఆయన నటన మీద నాకు ఏ అనుమానమూ లేదు. నా భయం ఒక్కటే: 2019లో టోనీ స్టార్క్ చనిపోయినప్పుడు నేను నిజంగా ఏడ్చాను, ఆ ముఖాన్నే మళ్లీ చూపించి ఆ కన్నీళ్లకు విలువ లేకుండా చేస్తారేమోనని. డూమ్‌కి తన సొంత కథ ఉంది, సొంత అహంకారం ఉంది. ఆ ముసుగు తీయకుండానే ఆయన మనల్ని భయపెట్టగలిగితే అంతకంటే కావలసింది లేదు.

మ్యాట్ రీవ్స్ తీస్తున్న 'ద బ్యాట్‌మ్యాన్' రెండో భాగం 2027 అక్టోబర్‌కి చెప్పారు. 2022లో వచ్చిన మొదటిదాంట్లో అతను డిటెక్టివ్‌గా కింద కూర్చుని ఆధారాలు వెతకడం నాకు చాలా నచ్చింది. అదే దారిలో వెళ్తే చాలు.

మీకు నా సలహా: ముందు 'హార్ట్ ఆఫ్ ఐస్' ఒక్కటి, రాత్రిపూట లైట్లు ఆపేసి చూడండి. నచ్చితే స్పైడర్‌వర్స్ రెండు భాగాలూ వరసగా చూసేయండి, మూడోది వచ్చేలోపు తీరిగ్గా. మా అక్క కొడుకూ నేనూ కూడా విడుదలకు ముందు వారం మళ్లీ చూడాలని అనుకున్నాం. వాడు ఈమధ్య నోట్‌బుక్ మూలల్లో బొమ్మలు గీసి, పేజీలు గబగబా తిప్పి కదిలిస్తున్నాడు. మొన్న తెచ్చి చూపించాడు. ఇద్దరు స్పైడర్ మ్యాన్‌లు పక్కపక్కనే ఊగుతున్నారు. పెద్దవాణ్ణి ప్రతి పేజీకీ కదిపాడు, చిన్నవాణ్ణి రెండు పేజీలకోసారి.