మీ ప్రశ్న – నా జవాబు: ప్రధాన కార్యదర్శి గది ముందు కుర్చీ

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే విషయం మీద, కార్మిక సంఘం ప్రధాన కార్యదర్శికి సహాయకులుగా ఉండేవాళ్ళ పని మీద, ఉన్నాయి. అందుకే మిగతావి వచ్చే సంచికకు ఉంచి ఈ మూడింటికే చోటిస్తున్నాను. విజయనగరంలో ఒక యూనియన్ ఆఫీసులో 19 ఏళ్ళు ఇదే పని చేశాను, కాబట్టి కాస్త ఎక్కువ రాస్తే ఏమీ అనుకోకండి.

ప్రశ్న: అక్కా, నాకు 31 ఏళ్ళు. ఎం.కామ్. చదివి శ్రీకాకుళంలో ఒక ఆడిటర్ గారి దగ్గర ఆరేళ్ళు పనిచేశాను. ఒక పెద్ద కార్మిక సంఘం వాళ్ళు విజయనగరం ఆఫీసులో తమ ప్రధాన కార్యదర్శికి సహాయకురాలిగా రమ్మంటున్నారు. సీనియర్ పోస్టు, ఆయన పనంతా నీ చేతి మీదుగానే నడుస్తుంది అన్నారు. మా ఆయనకి ఇష్టమే. మా అత్తగారు మాత్రం "ఇంత చదివింది ధర్నాల్లో జెండా పట్టుకోడానికా" అంటున్నారు. మా అన్నయ్యేమో అది ఫోన్లు ఎత్తి టీలు చెప్పే ఉద్యోగం అని తీసిపారేశాడు. అసలు ఆ పని ఏమిటి? చేరమంటారా?
– ఒక పాఠకురాలు, ఆమదాలవలస

జవాబు: చేరమ్మా. ముందు ఆ మాట చెప్పేస్తున్నాను, ఎందుకంటే మిగతాదంతా చదివేసరికి నీకు టెన్షన్ పట్టుకోవచ్చు, పని అంత ఉంటుంది.

మీ అన్నయ్య చెప్పింది అబద్ధం కాదు. ఫోన్లు ఎత్తాలి, వచ్చినవాళ్ళకి టీ కూడా చెప్పాలి. కానీ ఆ ఫోనుకి అవతల ఎవరున్నారో చూడు. పొద్దున్న ఆరుంబావుకి పైడిభీమవరం నుంచి ఒక కాంట్రాక్టు కుర్రాడు చేస్తాడు, నైట్ షిఫ్టు దిగి గేటు బయట నిలబడి, రేపటి నుంచి రావద్దన్నారమ్మా అంటాడు. అది పెట్టేలోపు ఒక విలేకరి చేస్తాడు, ఒక అధికారి ఆఫీసు నుంచి మీటింగు టైము మారిందని చెబుతారు, పలాస జీడిపప్పు కార్మికుల దగ్గర్నుంచి బ్రాంచి సమావేశానికి తేదీ అడుగుతారు. ఇందులో ఏది నాయకుడి చెవిన ఇప్పుడే పడాలి, ఏది సాయంత్రం దాకా ఆగుతుంది, ఏది ఆయన దాకా వెళ్ళకుండానే నువ్వు బ్రాంచి కార్యదర్శికి చెప్పి తేల్చెయ్యొచ్చు, ఇదంతా రెండు నిమిషాల్లో నీకు నువ్వే తేల్చుకోవాలి. నీకిచ్చే జీతం ఆ రెండు నిమిషాలకే.

రెండోది కాగితం. పెద్ద సంఘం ప్రధాన కార్యదర్శి అంటే ఒకే రోజు పొద్దున్న కలెక్టరేట్‌లో, మధ్యాహ్నం లేబర్ ఆఫీసులో, రాత్రి బొబ్బిలిలో గేట్ మీటింగులో ఉండే మనిషి. ఆయన అన్నీ గుర్తుపెట్టుకోలేరు, పెట్టుకోవాలని ఆశించకూడదు కూడా. ఆయన ఏ గదిలోకి వెళ్ళేముందైనా చేతిలో ఒక పేజీ ఉండాలి. పోయినసారి ఎవరు ఏం ఒప్పుకున్నారు, ఏ తేదీన, దాంట్లో ఎంత జరిగింది, మనం అడిగేది ఎంత, కార్యవర్గం ఎంతవరకు దిగొచ్చని తీర్మానించింది. ఆ పేజీ లేకపోతే ఎంత గొంతున్న నాయకుడైనా యాజమాన్యం చెప్పిన లెక్కనే పట్టుకుని మాట్లాడాల్సి వస్తుంది. అక్కడ ఓడిపోయేది ఆయన ఒక్కడే కాదు కదా.

ఒప్పందం ఎలా రాసుకున్నాం అన్నది కూడా నీకు తెలిసి ఉండాలి. పాత 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలో రెండు రకాలుండేవి. రాజీ అధికారి, అంటే తగాదా తీర్చడానికి కూర్చునే ప్రభుత్వ అధికారి, ముందు కుదిరే సెక్షన్ 12(3) ఒప్పందం అక్కడ పనిచేసే కార్మికులందరికీ వర్తించేది, ఏ యూనియన్ వాడైనా, ఏ యూనియన్‌లోనూ లేనివాడైనా. బయట రెండు పక్షాలూ కూర్చుని రాసుకునే సెక్షన్ 18(1) ఒప్పందం సంతకం పెట్టినవాళ్ళకే కట్టుబాటు. మనవాళ్ళ నోట్లో ఇంకా ఆ నంబర్లే నానుతుంటాయి. కాబట్టి "ట్వెల్వ్ త్రీ కాపీ తియ్యమ్మా" అంటే ఏ ఫైలు తియ్యాలో నీకు తెలియాలి.

ఇక తేదీలు. ఇక్కడ నా తప్పు ఒకటి చెబుతాను. ఒక ప్రజోపయోగ సంస్థలో (నీళ్ళు, కరెంటు లాంటి ప్రజల అవసరాలు చూసే సంస్థ) సమ్మె నోటీసు ఇచ్చాం. 14 రోజుల గడువుని మేం నోటీసు రాసిన రోజు నుంచి లెక్కేశాను. అవతలివాళ్ళకి అది అంది ముద్ర పడింది మూడు రోజుల తర్వాత. ఆ తేడా వాళ్ళు పట్టుకుని, ముందే దిగితే సమ్మె చట్టవిరుద్ధం అవుతుందని కాగితం పంపారు. అప్పటికే కార్మికులు ఇంట్లో చెప్పుకుని, ఆ వారానికి సరుకులు తెచ్చుకుని సిద్ధంగా ఉన్నారు. అంతా మూడు రోజులు వాయిదా పడింది. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు, అయినా ఆ మూడు రోజులూ నాకు ముద్ద దిగలేదు. ఇప్పుడు తేదీల బాధ్యత ఇంకా పెరిగింది. ఆ పాత చట్టం స్థానంలో 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉన్న పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం ప్రజోపయోగ సంస్థలే కాదు, అన్ని పారిశ్రామిక సంస్థల్లోనూ నోటీసు తప్పనిసరి. నోటీసు ఇచ్చాక 14 రోజులు ఆగాలి, 60 రోజుల్లోపే దిగాలి, రాజీ చర్చలు నడుస్తుండగా దిగకూడదు. సగం మంది, అంతకు మించి, కలిసి ఒకేరోజు క్యాజువల్ లీవు పెట్టినా అది సమ్మె కిందే లెక్క. గోడ మీద పెద్ద క్యాలెండర్ ఒకటి పెట్టుకో, అందిన తేదీని ఎర్ర సిరాతో రాసుకో.

నువ్వు ఆడిటర్ గారి దగ్గర నేర్చుకున్నది సభ్యత్వం పుస్తకాల దగ్గర బాగా అక్కరకొస్తుంది. అదే కోడ్ ప్రకారం ఒక సంస్థలో ఒకటికి మించి యూనియన్లుంటే మస్టర్ రోల్‌లో, అంటే సంస్థ హాజరు పట్టీలో, ఉన్నవాళ్ళలో 51 శాతం మద్దతున్న దానికే యాజమాన్యంతో చర్చించే హోదా వస్తుంది. ఎవరికీ అంత లేకపోతే కనీసం 20 శాతం ఉన్న యూనియన్ల ప్రతినిధులతో చర్చల మండలి ఏర్పడుతుంది. అంటే రసీదు పుస్తకంలో రాయని పేరు చర్చల బల్ల దగ్గర లెక్కలోకి రాదు. బ్రాంచీల నుంచి రసీదుల కట్టలు వస్తాయి, ఒకే పేరు రెండుసార్లు ఉంటుంది, ఇంటిపేరు ఒకచోట ఒకలా మరోచోట ఇంకోలా ఉంటుంది, రిటైరైనవాళ్ళ పేర్లు అలాగే ఉండిపోతాయి. కూర్చుని సరిచేసే ఓపిక ఉన్న మనిషి ఆ ఆఫీసుకి కావాలి, బహుశా నిన్ను అందుకే అడిగి ఉంటారు.

చదువుకి అందని సంగతులు కొన్ని ఉన్నాయి. పైడితల్లమ్మ సిరిమానోత్సవం మంగళవారం నాడు విజయనగరంలో కార్యవర్గ సమావేశం పెట్టకు, ఎవరూ రారు, రాకపోవడం తప్పూ కాదు. నాట్ల రోజుల్లో పల్లెల నుంచి వచ్చే కాంట్రాక్టు కార్మికులు పొలంలో ఉంటారు. ఆడవాళ్ళు ఎక్కువగా ఉండే బ్రాంచికి రాత్రి ఏడు గంటల మీటింగు పెడితే, వచ్చిన పదిమందీ వంట ధ్యాసలోనే కూర్చుంటారు. ఏ బ్రాంచికి ఏ రోజు కుదురుతుందో ఒక నోటు రాసుకో, నీ తర్వాత వచ్చేవాళ్ళకి కూడా పనికొస్తుంది.

మీ అత్తగారికి 2023 డిసెంబరు 12న మొదలైన అంగన్‌వాడీల సమ్మె గుర్తుచెయ్యి. 42 రోజులు నడిచింది, మధ్యలో ఎస్మా, అంటే అత్యవసర సేవల్లో సమ్మెని నిషేధించే చట్టం, కూడా ప్రయోగించారు. అన్ని రోజులు వేలమంది ఒక్క మాట మీద నిలబడాలంటే శిబిరంలో జెండా ఎంత అవసరమో, ఏ జిల్లాకి ఏ సమాచారం వెళ్ళింది, చర్చల్లో ఎవరు ఏ మాటిచ్చారు అని వెనకాల రాసిపెట్టుకునే చెయ్యి కూడా అంతే అవసరం. జెండా పట్టుకోవడం చిన్నతనమేమీ కాదని కూడా ఆవిడతో నెమ్మదిగా చెప్పు.

చేరేముందు అపాయింట్‌మెంట్ లెటర్ అడుగు. మొహమాటపడకు. జీతం, సెలవులు, పని గంటలు, రాత్రి ఆలస్యమైన రోజు ఇంటికి ఎలా చేరాలి, అన్నీ కాగితం మీద ఉండాలి. కార్మికులకి అపాయింట్‌మెంట్ లెటర్లు ఇప్పించే ఆఫీసు తన ఉద్యోగికి ఇవ్వడానికి వెనకాడకూడదు. నువ్వు జీతానికి పనిచేసే ఉద్యోగివా, గౌరవ వేతనం మీద పూర్తికాలం సంఘం పనిలోనే ఉండే కార్యకర్తవా (హోల్‌టైమర్ అంటారు) అన్నది కూడా స్పష్టంగా అడుగు, రెంటికీ చాలా తేడా ఉంది. ఆఫీసులో పదిమంది ఉద్యోగులుంటే లైంగిక వేధింపుల ఫిర్యాదులకి అంతర్గత కమిటీ ఉండాలి, అంతకంటే తక్కువైతే జిల్లా స్థాయి స్థానిక కమిటీ ఉంటుంది. ఇది 2013 చట్టం. ఏదో జరుగుతుందని చెప్పడం లేదు, తెలిసి వెళ్ళమంటున్నాను.

ఒక్క గీత మాత్రం మొదటి రోజే గీసుకో. నాయకుడి ప్రయాణం టికెట్టు నీ పని, ఆయన ఇంటి కరెంటు బిల్లు నీ పని కాదు. నిన్ను పెట్టుకున్నది సంఘం, నీ జీతం ఆ కాంట్రాక్టు కుర్రాడు కట్టిన చందాలోంచి వస్తుంది.

ప్రశ్న: మా యూనియన్ పెద్దాయనకి ఫోన్ చేస్తే ఎప్పుడూ ఆయన పి.ఎ.నే ఎత్తుతాడు. "మీటింగులో ఉన్నారు" తప్ప మరో మాట ఉండదు. నా ఇ.ఎస్.ఐ. (కార్మికుల బీమా) సమస్య మీద నాలుగు నెలలుగా తిరుగుతున్నాను. నెలనెలా చందా కడుతున్నాం కదా, మాకూ ఆయనకీ మధ్య ఈ గోడ ఎందుకు?
– ఒక కార్మికుడు, రణస్థలం మండలం

జవాబు: తమ్ముడూ, నీ కోపం న్యాయమైనదే. ఆ కుర్చీలో కూర్చున్న మనిషి తరఫున కూడా ఒక మాట చెబుతాను, విను. రోజుకి వంద ఫోన్లు వచ్చేచోట అందరినీ నాయకుడితో కలిపితే ఆయన చర్చలకి వెళ్ళలేరు. కాబట్టి వడపోత తప్పదు. కానీ "మీటింగులో ఉన్నారు" అని పెట్టేస్తే అది వడపోత అవదు, మనిషిని వెళ్ళగొట్టినట్టే. "రేపు సాయంత్రం ఐదుకి చెయ్యండి" అనో, "మీ పని ఫలానా ఆయన చూస్తారు, ఇదిగో నంబరు" అనో అనాలి.

ఒకసారి మా ఆఫీసు బయట బెంచీ మీద ఒక పెద్దావిడ పొద్దున్నుంచి కూర్చుంది. ఊడ్చే పనిచేసేది. వేరే ఎవరితోనో వచ్చిందనుకున్నాను. సాయంత్రం ఆయన కారెక్కి వెళ్ళిపోయాక, మీరు పనిలో ఉన్నారని అడగలేదమ్మా అంది. ఆ రోజు కూలి పోగొట్టుకుని వచ్చింది. మర్నాటి నుంచి ఒక నోట్‌బుక్ పెట్టాను. వచ్చినవాళ్ళ పేరు, ఊరు, పని, ఎవరికి అప్పగించాం, ఏ తేదీకి జవాబు చెప్పాలి. చివరి గడి నిండకుండా పేజీ తిప్పేదాన్ని కాదు.

నువ్వు ఇలా చెయ్యి. నీ సమస్య ఒక పేజీ రాసి, ఇ.ఎస్.ఐ. నంబరు, తేదీలు వేసి, నీ బ్రాంచి కార్యదర్శి సంతకంతో ఆఫీసుకి ఇచ్చి, కాపీ మీద ముద్ర వేయించుకో. ఫోను మాట గాలిలో పోతుంది, ముద్రపడిన కాగితానికి జవాబు చెప్పక తప్పదు. రెండు వారాల్లో జవాబు రాకపోతే జనరల్ బాడీలో లేచి అడుగు. వ్యక్తిని తిట్టకుండా, వచ్చిన ఫిర్యాదులకి రిజిస్టరు పెట్టాలని తీర్మానం కోరు. నీలాంటివాళ్ళు ఇంకో పదిమంది ఉంటారు, వాళ్ళూ చెయ్యెత్తుతారు.

ప్రశ్న: ఒక సంఘం ప్రధాన కార్యదర్శి దగ్గర ఎనిమిదేళ్ళుగా ఆఫీసు పనులు చూస్తున్నాను. మహాసభ దగ్గరపడింది, పోటీ ఉంది. పోయిన నెల సమావేశంలో అసలు చర్చకే రాని ఒక ఖర్చుని, ఆమోదించినట్టు మినిట్స్‌లో, అంటే సమావేశంలో జరిగింది నమోదు చేసే పుస్తకంలో, రాయమంటున్నారు. ఆయన నాకు అన్నం పెట్టిన మనిషి. ఏం చెయ్యను?
– పేరు రాయవద్దు, బొబ్బిలి

జవాబు: రాయకండి.

ఆయన మీద మీకున్న గౌరవం అలాగే ఉంచుకోండి. ఒంటరిగా ఉన్నప్పుడు నెమ్మదిగా చెప్పండి, "ఇది వచ్చే కార్యవర్గంలో పెట్టి ఆమోదం తీసుకుందాం సార్, ఎజెండాలో నేనే రాస్తాను" అని. ఖర్చు నిజంగా సంఘానికే అయితే ఆ దారి ఆయనకీ మంచిదే. లెక్కల పుస్తకాలు, సభ్యుల జాబితా చూసే హక్కు సభ్యులకి 1926 ట్రేడ్ యూనియన్ల చట్టం నుంచీ ఉంది, పోటీ ఉన్న ఏడాది ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. అప్పుడు పుస్తకంలో కనిపించేది మీ చేతిరాత.

పోటీలో ఎవరి వైపూ మాట్లాడకండి, ఓట్ల లెక్కలు మోయకండి. ఓడినా గెలిచినా మర్నాడు ఆఫీసు తలుపు తియ్యాల్సింది మీరే. మీది బొబ్బిలి అన్నారు కాబట్టి చెబుతున్నాను, 1937లో అక్కడ బొబ్బిలి రాజాగారిని ఓడించిన వి.వి. గిరి గారు రైల్వే కార్మిక సంఘంలోంచి వచ్చినవారు. తగాదాలు కోర్టుల దాకా పోకుండా యూనియన్, యాజమాన్యం ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలని పట్టుబట్టినవారు. అలా కూర్చోవాలంటే అవతలివాళ్ళు మన కాగితాన్ని నమ్మాలి, మన సభ్యులు అంతకంటే ముందు నమ్మాలి.

ఆయన మళ్ళీ ఒత్తిడి చేస్తే అధ్యక్షుడికి, కోశాధికారికి ఒకేసారి చెప్పండి, ఒక్కరికే చెబితే చాడీ అవుతుంది. మినిట్స్ పుస్తకంలో పేజీ నంబర్లు లేకపోతే రేపు పొద్దున్నే వేసి, పోయిన నెల మినిట్స్ చివర మిగిలిన ఖాళీకి అడ్డంగా గీత కొట్టి, ఇద్దరు కార్యవర్గ సభ్యుల చేత పక్కన సంతకం పెట్టించండి.