సున్నం సంగతి తెలుసుకుని రాయి

అమ్మాయీ,

నీ వ్యాసం అందింది. ఢిల్లీ హుమాయూన్ సమాధిని బాగుచేయించిన ఆర్కిటెక్టు రతీశ్ నందా గురించి తెలుగులో రాయాలన్న ఆలోచనే నాకు నచ్చింది. మనవాళ్ళ లెక్కలో కొత్తిల్లు కట్టించేవాడు ఆర్కిటెక్టు, పాతింటికి మాట్లు వేసేవాడు మేస్త్రీ. ఈ ఇద్దరి మధ్యా పాత కట్టడాల్ని కాపాడే ఇంకో వృత్తి ఉందని చాలామందికి తెలీదు. అయితే నువ్వు సగం వ్యాసం దాకా ఆయన చదువులు, ఉద్యోగాలు, పురస్కారాలే వరసపెట్టి రాశావు. అది బయోడేటా. దాని కోసం నువ్వు కష్టపడక్కర్లేదు.

కొత్త భవనం కట్టినవాడి పని వెళ్ళి చూసి బాగుందనో బాలేదనో అనొచ్చు. పాత కట్టడాన్ని కాపాడినవాడి పని అలా కంటికి ఆనదు. బాగా చేస్తే జనం హుమాయూన్ని మెచ్చుకుంటారు, మొగలుల్ని మెచ్చుకుంటారు, ఈయన ఊసే ఎత్తరు. మరి ఇలాంటి మనిషి కథ ఎక్కడ దొరుకుతుంది? ఏది తీసేయించాడు, దేన్ని ముట్టుకోనివ్వలేదు, ఎక్కడ ఆగాడు అన్న దగ్గర. నీ వ్యాసం మొత్తంలో ఆయన ఒక్క నిర్ణయం తీసుకున్నట్టు కూడా కనపడలేదు.

ఢిల్లీలో హుమాయూన్ సమాధి పైకప్పు సంగతే తీసుకో. ఒక్క వాక్యంలో తేల్చేశావు. వాన నీరు దిగుతోందని ఇరవయ్యో శతాబ్దంలో దాని మీద సిమెంటు కాంక్రీటు పోశారు, మళ్ళీ కారితే మళ్ళీ పోశారు. 2007లో నందా పనిచేసే ఆగా ఖాన్ ట్రస్టు, పురావస్తు శాఖ కలిసి మొదలుపెట్టిన పనిలో ఆ కప్పు మీంచి తీసిన కాంక్రీటు పది లక్షల కిలోలు. పది టన్నుల లారీలైతే వంద. యంత్రాలు పెడితే కింద గుమ్మటాలు అదురుతాయి, అందుకని కూలీలు చేతి పనిముట్లతోనే కొట్టి తీశారు. బాగుచెయ్యడమంటే ఏదో ఒకటి చేర్చడమేనని అనుకునే పాఠకుడికి ఈ ఒక్క సంగతి చాలు, ఆ వృత్తి ఏమిటో అర్థమైపోతుంది. దీని మీద రెండు పేరాలు ఖర్చుపెట్టు.

సిమెంటు ఎందుకు పనికిరాదో కూడా నువ్వే చెప్పాలి. 'పర్యావరణహితమైన సాంప్రదాయిక సామగ్రి వాడారు' అన్నావు. అది ప్రభుత్వ ప్రకటనలో మాట. సున్నపురాయిని బట్టీలో కాలుస్తారు. నీళ్ళు పోస్తే బుసబుసా ఉడికి పిండవుతుంది. దాన్ని బాగా నాననిచ్చి, ఇసుకతో కలిపి గానుగలో నూరి, బెల్లం నీళ్ళలాంటివి చేర్చి పూస్తారు. పూశాక అది గాలిలోని బొగ్గుపులుసు వాయువుని పీల్చుకుంటూ నెమ్మదిగా మళ్ళీ రాయిగా మారుతుంది. గోడలో చేరిన తేమని బయటికి పోనిస్తుంది. సిమెంటు పోనివ్వదు. అప్పుడా తేమ రాయిలోంచే దారి వెతుక్కుంటుంది, దాంతోపాటు వచ్చిన ఉప్పు పైన గడ్డకట్టి రాతి ముఖాన్ని పొరలుపొరలుగా రాల్చేస్తుంది. 'శతాబ్దాల రాళ్ళు కన్నీరు కార్చాయి' అని రాశావు చూడు, ఆ వాక్యం కొట్టెయ్యి. రాళ్ళు కార్చేది ఉప్పు. అదే రాస్తే కన్నీళ్ళ అవసరం ఉండదు.

ఇక నువ్వు పూర్తిగా తప్పించుకున్న విషయం తగాదా. హుమాయూన్ సమాధి కప్పు మీద చిన్న ఛత్రీలు, అంటే స్తంభాల మీద గొడుగుల్లాంటి మంటపాలు, ఉంటాయి, వాటికి నీలం, ఆకుపచ్చ, పసుపు టైల్స్ ఉండేవి. చాలా రాలిపోయాయి. అలా టైల్స్ చేసే విద్య ఇక్కడ అంతరించింది. ఉజ్బెకిస్తాన్ నుంచి పనివాళ్ళని రప్పించి, పక్కనే ఉన్న నిజాముద్దీన్ బస్తీ కుర్రాళ్ళకి నేర్పించి, కొత్తవి చేయించి, ఊడిపోయిన చోట్ల అతికించారు. మిగిలి ఉన్న పాతవాటిని కదపలేదు. దీని మీద పెద్ద చర్చే జరిగింది. 1923లో అప్పటి పురావస్తు శాఖ అధిపతి జాన్ మార్షల్ ఆ శాఖకి రాసిపెట్టిన నియమావళి ప్రకారం శిథిలమైన కట్టడాన్ని ఉన్నదున్నట్టు నిలబెట్టాలి, పోయినదాన్ని కొత్తగా చేసి పెట్టకూడదు. నందా వాదన వేరు: పనితనం తెలిసిన చేతులు ఇంకా ఉన్న దేశంలో కట్టినవాడి ఉద్దేశాన్ని తిరిగి చూపించొచ్చు, ఆ పనితో ఆ చేతులకి బతుకుతెరువూ దొరుకుతుంది. నా మట్టుకు నాకు సున్నపు గచ్చు విషయంలో, సమాధి తోటలోని నీటి కాలువల విషయంలో ఆయనతో పేచీ లేదు. టైల్స్ దగ్గరకొచ్చేసరికి మనసు కాస్త వెనక్కి లాగుతుంది. రాలిపోయిన చోటు కూడా ఆ కట్టడానికి జరిగిందే కదా అనిపిస్తుంది. నువ్వు నాతో ఏకీభవించక్కర్లేదు, కానీ ఏదో ఒక పక్కన నిలబడు. ఎవరికీ కోపం రాకుండా రాసిన వ్యాసం సన్మానపత్రంలా ఉంటుంది.

'కుతుబ్ షాహీ సమాధులను ఆయన పునరుద్ధరించారు' అన్న వాక్యం కూడా మార్చు. ఆయన నాయకత్వం వహించారు, నిజమే. ఒప్పందం కుదిరింది 2013లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో. పని పూర్తయింది 2024లో, తెలంగాణలో. మధ్యలో రాష్ట్రమే రెండయింది. నూట ఆరు ఎకరాలు, వంద దాకా కట్టడాలు. దాతలున్నారు, వారసత్వ శాఖ ఉంది, రాళ్ళు చెక్కినవాళ్ళున్నారు, సున్నం నూరినవాళ్ళున్నారు. వాళ్ళలో ఒక్కరి గొంతైనా నీ వ్యాసంలో వినపడాలి. నువ్వుండేది హైదరాబాద్‌లోనే. ఆ సమాధులకే సెవెన్ టూంబ్స్ అని పేరు, అక్కడికి టికెట్ కొనుక్కుని వెళ్ళు, ఆదివారం మాత్రం వద్దు, జనం ఎక్కువ. ముందు బడీ బావ్లీ దగ్గరకి పో. 2013 వానలకి ఆ దిగుడుబావి గోడ ఒక పక్క కూలిపోయింది. కూలిన రాళ్ళనీ పూడికనీ తీసి మళ్ళీ కట్టారు, ఇప్పుడు వాన నీరు నిలుస్తోంది. గోల్కొండ దిగుడుబావులకి 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం వచ్చింది. నువ్వు పురస్కారం రాసి బావిని వదిలేశావు. మెట్లు దిగి, కొత్త కట్టు ఎక్కడ మొదలైందో నీ కంటితో పట్టుకోగలవేమో చూడు. పట్టుకోలేకపోతే అదీ రాయి.

కాబూల్ ఘట్టం కుదించు. ఒక్క మాట చాలు: యుద్ధంలో పాడైన బాబర్ తోటని బాగుచేసే పనిలోనూ ఈయన ఉన్నారు. తండ్రి బాబర్ సమాధి కాబూల్లో, కొడుకు హుమాయూన్ సమాధి ఢిల్లీలో, రెంటికీ ఒకే మనిషి. ఇలాంటిచోట నువ్వు వ్యాఖ్యానం చెయ్యకపోతేనే బాగుంటుంది. 1999లో వచ్చిన ఢిల్లీ కట్టడాల జాబితా గురించి మాత్రం పెంచు. వారసత్వ కట్టడాల రక్షణకి పనిచేసే ఇంటాక్ సంస్థ తరఫున గల్లీ గల్లీ తిరిగి పన్నెండొందల పైచిలుకు కట్టడాలు నమోదు చేసిన పనిలో ఆయనది ముఖ్య భాగం. తర్వాత చేసిన పనులన్నిటికీ వేరు అక్కడుంది.

ముగింపు ఎలా అని అడిగావు. 2013 సెప్టెంబర్‌లో అప్పటి ప్రధాని చేతుల మీదుగా, బాగుచేసిన హుమాయూన్ సమాధి ప్రారంభోత్సవంతో ముగించావు, అది మరీ పెళ్ళి ఫోటోలా ఉంది. 2014 మే నెలాఖరులో గాలివానకి గుమ్మటం మీది కలశం కూలిపోయింది. కొత్తది చేయించి 2016లో నిలబెట్టారు. నీ వ్యాసం ఆ గాలివాన దాకా వెళ్ళాలి.

మళ్ళీ రాసింది నెలాఖరులోగా పంపు. వాట్సాప్‌లో పేజీల ఫోటోలు పెట్టకు, నా కళ్ళకి ఆనవు. పెద్దక్షరాలతో ప్రింటు తీసి పోస్టు చెయ్యి, పక్కన రాసుకోవడానికి మార్జిన్ వదులు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు