చర్చి ముందు ఫొటో సరే, మీ వంటిల్లు ఏదీ?

విశాఖకు వచ్చిన ప్రతిసారీ సీతమ్మధారలోని మా ఇంటికి జర్మనీ వెళ్లబోయే పిల్లలు, వాళ్ల వెంట అమ్మానాన్నలు వస్తూనే ఉంటారు. వీసా, బ్యాంకు ఖాతా, అద్దె ఇల్లు, చలి కోట్లు, అన్నీ మాట్లాడుకున్నాక చెప్పులు వేసుకుంటూ అడిగే ప్రశ్న మాత్రం దాదాపు ఒకటే: "అంకుల్, ఏ కెమెరా కొనుక్కుని వెళ్లమంటారు?" కొలోన్‌లో స్థిరపడి చాలా కాలమైందనీ, సెలవు రోజున మెడలో కెమెరా లేకుండా బయటికి అడుగు పెట్టననీ మా వీధిలో అందరికీ తెలుసు. అందుకే ఈ ప్రశ్న.

ఏదీ కొనవద్దు. జేబులో ఉన్న ఫోను మొదటి ఏడాదికి హాయిగా సరిపోతుంది. వెళ్లగానే ఇంటి యజమానికి కట్టే డిపాజిట్టే మీ చేతిలోని డబ్బును ఖాళీ చేస్తుంది. చట్టప్రకారం అది మూడు నెలల అద్దె వరకు ఉండవచ్చు. ఆ ఖర్చుల నుంచి తేరుకున్నాక కూడా మోజు మిగిలి ఉంటే, అక్కడే దుకాణంలో సెకండ్ హ్యాండ్ కెమెరా కొనండి. జర్మనీలో దుకాణదారు కొత్త వస్తువుకు రెండేళ్లు, వాడిన వస్తువుకు కనీసం ఏడాది బాధ్యత వహించాలి. విశాఖలో కొని మోసుకెళ్లిన కెమెరా పాడైతే అంత సులభంగా పూచీ పడేవారు దొరకరు. లెన్సు 35 మిల్లీమీటర్లదో, 50దో, ఎఫ్ 1.8 ఉన్నది, అంటే వెలుతురును ఎక్కువగా లోపలికి తీసుకునేది, ఒక్కటి చాలు. గదులు చిన్నవి, శీతాకాలంలో వెలుతురు తక్కువ. బారెడు జూమ్ లెన్సు బీరువాలోనే ఉండిపోతుంది.

కెమెరా సంగతి అంతే. ఏ ఫొటోలు ఇంటికి పంపాలో మాత్రం ఎవరూ అడగరు. నేను చెప్పదలచుకున్నదంతా అక్కడే ఉంది.

కొత్తగా వెళ్లిన పిల్లలు పంపే ఫొటోలు నాకు కంఠతా వచ్చు. కొలోన్ అయితే 157 మీటర్ల జంట గోపురాల పెద్ద చర్చి ముందు చేతులు చాచి ఒకటి, రైన్ నది మీద హోహెన్‌జొల్లెర్న్ వంతెన కంచెకు ప్రేమికులు వేలాడదీసిన తాళాల దగ్గర ఒకటి, మొదటి మంచు పడిన రోజు దోసిట్లో మంచుతో ఒకటి. తీయవద్దని అనను. ఆ చర్చి మొత్తం ఫ్రేములోకి రావడానికి మాత్రం మెట్ల కింద వెల్లకిలా పడుకోనక్కరలేదు. వంతెన దాటి డోయిట్స్ ఒడ్డుకు వెళ్లి వెనక్కి తిరిగితే చాలు. అయితే ఎంవీపీ కాలనీలో కూర్చుని ఫోను చూసుకునే అమ్మకు ఆ గోపురాలతో పనేముంది? ఒకావిడ నాతో అన్నారు: "రోజూ ఫొటోలు పెడతాడండీ. వాడు ఏ మంచం మీద పడుకుంటున్నాడో మాత్రం నాకు తెలియదు."

అందుకని మొదటి వారంలోనే వంటిల్లు తీయండి. మంట కనిపించని కరెంటు పొయ్యి, దాని మీద ఇక్కడి నుంచి మోసుకెళ్లిన కుక్కరు, కిటికీ పక్కన పోపుల డబ్బా. తర్వాత మంచం, దాని పక్కన గదిని వెచ్చబరిచే రేడియేటర్, దాని మీద మీరు ఆరేసిన బనియన్లు. రోజూ ట్రామ్ ఎక్కే స్టాపు. బియ్యం, కందిపప్పు, కరివేపాకు దొరికే శ్రీలంక తమిళుల కొట్టు. అపార్ట్‌మెంటు కింద ఉత్తరాల డబ్బా మీద మీ పేరు. ఈ చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, అక్కడ డబ్బా మీద పేరు లేకపోతే ఉత్తరం అందదు, బ్యాంకు కార్డు కూడా వచ్చిన దారినే వెనక్కి పోతుంది. పేరు అంటించిన రోజున ఫొటో తీసి నాన్నగారికి పంపండి. పరాయి దేశంలో గోడ మీద తమ ఇంటిపేరు చూసుకుని పొంగిపోని తండ్రిని నేను ఇంతవరకు చూడలేదు. ఇంటి నంబరు, వీధి పేరు కనిపించే ఫొటోలు మాత్రం ఇంటివారి వరకే ఉంచండి.

మన పెద్దవాళ్లు ఫొటో చూసే పద్ధతి వేరు. మొదట వేళ్లతో పెద్దది చేస్తారు. బుగ్గలు లోపలికి పోయాయా, చొక్కా ఇస్త్రీ చేసి ఉందా, వెనకాల తొట్టిలో అంట్లు పేరుకున్నాయా అని సోదా చేస్తారు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో నాణ్యత తగ్గి, పెద్దది చేసేసరికి అలుక్కుపోతుంది. హెచ్‌డీ అని ఎంచుకుని పంపండి, లేదా డాక్యుమెంటుగా పంపండి. అంట్లు కూడా స్పష్టంగా కనిపిస్తాయి, దానికి నేను చేయగలిగింది లేదు.

ఇంటికి పంపే ఫొటోలు ఎంత ముఖ్యమో, ఇంటి నుంచి తీసుకెళ్లేవీ అంతే. ప్రయాణానికి ముందు వారంలో అందరూ ఆర్కే బీచ్‌కు వెళ్తారు, కురుసుర జలాంతర్గామి ముందు నిలబడతారు, కైలాసగిరి మీద శివపార్వతుల దగ్గర గుంపుగా దిగుతారు. అవన్నీ మీకన్నా బాగా తీసినవాళ్లు ఊరినిండా ఉన్నారు. మీ వసారాలో మధ్యాహ్నం పడే ఎండ, నానమ్మ మందుల డబ్బా, నాన్నగారి పాత స్కూటరు, పూర్ణా మార్కెట్‌లో మీ అమ్మగారు బేరమాడే కూరగాయల కొట్టు, వీటిని మీరు తప్ప ఇంకెవరూ తీయరు. బీచ్‌లో కుటుంబమంతా కలిసి దిగాల్సిందే అనుకుంటే సాయంత్రం వెళ్లండి. మనది తూర్పు తీరం. ఉదయం సముద్రాన్ని వెనక పెట్టుకుని నిలబడితే సూర్యుడు మీ వీపు మీద ఉంటాడు, ముఖాలన్నీ నల్లబడతాయి. సాయంత్రం ఊరి వైపు నుంచి మెత్తని వెలుగు ముఖాల మీద పడుతుంది, వెనక సముద్రం నీలంగానే ఉంటుంది.

ఇక కాస్త గట్టిగా చెప్పవలసిన విషయం. మన దగ్గర వీధిలో పసిపాప ముద్దుగా కనిపిస్తే బుగ్గ గిల్లి ఫొటో తీసుకుంటాం, వాళ్లమ్మ కూడా నవ్వుతుంది. జర్మనీలో ఆటస్థలంలో ఇతరుల బిడ్డ వైపు ఫోను ఎత్తితే ఆ తల్లి మీ దగ్గరికి నడిచి వస్తుంది, నవ్వుతూ మాత్రం కాదు. ఎవరి రూపం మీద హక్కు వారిదే అన్న నియమం అక్కడ 1907 నాటి చట్టంలోనే ఉంది. దాని 22వ సెక్షన్ ప్రకారం ఒకరి చిత్రాన్ని పది మందికి పంచాలన్నా, ప్రదర్శించాలన్నా వారి అనుమతి ఉండాలి. ఊరేగింపులకు, సభలకు, దృశ్యమే ప్రధానమై మనుషులు ఓ మూల కనిపించే చిత్రాలకు మినహాయింపు ఉంది. 2018లో యూరోపియన్ యూనియన్ అంతటా అమలులోకి వచ్చిన జీడీపీఆర్, అంటే వ్యక్తిగత సమాచార రక్షణ నిబంధన, దీనికి తోడైంది. రోడ్డు ప్రమాదంలో గాయపడి నిస్సహాయంగా పడి ఉన్నవారిని ఫోనులో బంధించడమైతే నేరమే, రెండేళ్ల జైలు దాకా పడవచ్చు. ఈ ఒక్క చట్టం మన దగ్గర కూడా ఉంటే బాగుండునని మధురవాడ హైవే మీద వెళ్లినప్పుడల్లా అనుకుంటాను.

పిల్లలున్నవారికి ఇది రోజువారీ సంగతి. కిండర్‌గార్టెన్‌లో చేర్చేటప్పుడే మీ బిడ్డను ఫొటో తీయవచ్చా, ఎక్కడ వాడవచ్చు అని అడిగి సంతకం పెట్టించుకుంటారు. చాలా చోట్ల వేడుకల్లో తల్లిదండ్రులు ఫోను బయటికి తీయడం కూడా కుదరదు. నవంబరు 11న సెయింట్ మార్టిన్ పండుగ. ఆ రోజుల్లో చీకటి పడ్డాక పిల్లలు తామే చేసుకున్న కాగితపు లాంతర్లు పట్టుకుని పాడుతూ ఊరేగుతారు, ముందు గుర్రం మీద సెయింట్ మార్టిన్ వేషధారి నడుస్తాడు. చాలా ఏళ్లలో మన దీపావళి హడావుడి ముగిసే వేళకు వస్తుంది కాబట్టి మన పిల్లలకు అది రెండో దీపావళి. అక్కడ ఫ్లాష్ ఆపేయండి. బిడ్డ ఎత్తుకు మోకాళ్ల మీద కూర్చోండి, లాంతరును ముఖానికి దగ్గరగా పట్టుకోమనండి, ఆ వెలుగు చాలు. ఫ్రేములో మీ బిడ్డ ఒక్కతే ఉండేలా దగ్గరగా తీయండి. ఎందుకంటే ఆ ఫొటో రాత్రికి అమ్మమ్మకు వెళ్తుంది. తెల్లవారేసరికి అది పెదనాన్నగారి గ్రూపులో, అక్కడి నుంచి అపార్ట్‌మెంటు గ్రూపులో ఉంటుంది. ఆవిడను తప్పు పట్టి లాభం లేదు, మనవరాలిని చూపించుకోవడం ఆవిడ హక్కు. పక్కింటి జర్మన్ పిల్లవాడిని కత్తిరించి పంపడం మీ పని.

విశాఖకు సెలవులకు వచ్చేవారికి ఇక్కడి నిషేధాలు మరచిపోయే అలవాటుంది. ఇది తూర్పు నౌకాదళ కమాండ్ ఉన్న ఊరు. నౌకాదళ విమాన స్థావరం ఐఎన్‌ఎస్ డేగా రన్‌వే మీద దిగే విమానం కిటికీలోంచి వీడియో తీయకూడదు, డాక్‌యార్డు వైపు, నౌకల వైపు లెన్సు తిప్పకూడదు. పెళ్లికి పై నుంచి వీడియో తీద్దామని డ్రోన్ పట్టుకొస్తామంటారు కొందరు. 2022 ఫిబ్రవరి నుంచి విదేశీ డ్రోన్ల దిగుమతి మీద నిషేధం ఉంది, కస్టమ్స్ వాళ్లు ఉంచేసుకుంటారు. పెళ్లి ఫొటోగ్రాఫర్‌కే చెప్పండి, అనుమతి ఉన్నచోట ఎగరేసే తిప్పలు ఆయనే పడతాడు.

వెలుతురు గురించి నేను గంటలకొద్దీ మాట్లాడగలను, కొంచెమే చెబుతాను. డిసెంబరులో కొలోన్‌లో సాయంత్రం నాలుగున్నరకే చీకటి, అది చూసి కొత్తవాళ్లు దిగులు పడతారు. కానీ ఆ నెలలో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు నెత్తి మీదికి ఎక్కడు, కిందనే తిరుగుతాడు. మనకు రుషికొండలో సాయంత్రం గంటసేపు దొరికే ఏటవాలు వెలుగు అక్కడ రోజంతా ఉంటుంది, మబ్బు లేకపోతే. జూన్‌లో దాదాపు రాత్రి పదింటి దాకా ఎండ కాస్తుంది, అమ్మానాన్నలను పిలిపించుకుంటే మే నుంచి సెప్టెంబరు మధ్యే పిలిపించండి. మంచులో తీసేటప్పుడు కెమెరా ఆ తెలుపును చూసి భయపడి అంతా బూడిద రంగుకు దించేస్తుంది, మన చామనఛాయ ముఖాలు మరీ నల్లగా వస్తాయి. ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాపు పెంచండి, అంటే కెమెరా తీసుకునే వెలుతురును రెట్టింపు చేయండి, ఫోనులో అయితే ముఖం మీద వేలు పెట్టి వెలుగు పైకి జరపండి. చలిలోంచి వెచ్చని ఇంట్లోకి వస్తే లెన్సు మీద, లోపల కూడా నీరు పడుతుంది. గుమ్మం బయటే కెమెరాను జిప్ కవరులో పెట్టి, లోపల గంటసేపు తెరవకుండా ఉంచండి. విశాఖలో దీనికి తిరగేసిన బాధ: ఏసీ గదిలోంచి బీచ్‌కు వెళ్తే లెన్సు చెమర్చుతుంది, బీరువాలో పెట్టి మరిచిపోతే ఫంగస్ పడుతుంది. నాన్నగారి పాత కెమెరా ఉంటే సిలికా జెల్ పొట్లాలతో గాలి చొరబడని డబ్బాలో పెట్టి వెళ్లండి.

బిడ్డ పుడితే మొదటి నెలలోనే పాస్‌పోర్టు ఫొటో అవసరం పడుతుంది. తల్లిదండ్రులిద్దరూ భారతీయ పౌరులైతే పుట్టిన ఏడాదిలోపు కాన్సులేట్‌లో జననం నమోదు చేయించాలి. పసికందును తెల్లని దుప్పటి మీద కిటికీ దగ్గర పడుకోబెట్టి, మీ నీడ పడకుండా పై నుంచి తీయండి. దిష్టిచుక్క, కాటుక ఆ ఒక్క ఫొటోకు తుడవాలి. వీడియో కాల్‌లో ఉన్న నానమ్మకు ఈ సంగతి ముందే చెప్పండి, లేకపోతే పాస్‌పోర్టు కన్నా పెద్ద చర్చ నడుస్తుంది. ఫొటో కాగానే మళ్లీ పెట్టేయవచ్చు. ఇంకో మాట: మీ నివాస అనుమతి కార్డు కోసం ఇక్కడి స్టూడియోలో డజను ఫొటోలు తీయించుకుని వెళ్లడం ఇప్పుడు దండగ. 2025 మే 1 నుంచి జర్మన్ కార్యాలయాలు ఇలాంటి కార్డులకు కాగితం మీది ఫొటో తీసుకోవడం లేదు. అక్కడి స్టూడియోలో తీసి నేరుగా పంపే డిజిటల్ ఫొటో కావాలి, లేదా ఆఫీసులోనే తీస్తారు.

కెమెరా గడియారాన్ని దిగిన రోజే సరిచేయండి. శీతాకాలంలో మనకూ జర్మనీకీ తేడా నాలుగున్నర గంటలు, మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబరు చివరి ఆదివారం దాకా మూడున్నర. ఫోను తనంతట తాను మార్చుకుంటుంది, కెమెరా మార్చుకోదు. ఏళ్లు గడిచాక రెండింటి ఫొటోలూ కలిపితే సీమంతం కన్నా ముందే బారసాల జరిగినట్టు ఉంటుంది.

చివరగా భద్రపరచడం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊరి మీద పడినప్పుడు కిటికీ అద్దాలు పగిలి, లోపలికి కొట్టిన వానలో మా బంధువుల ఇంట్లో పెళ్లి ఆల్బమ్‌లన్నీ ముద్దయ్యాయి. నెగటివ్‌లు ఎప్పుడో పోయాయి. కొన్ని ఫొటోలు అమెరికాలోని మేనకోడలి దగ్గర ఉన్న రెండో ప్రతుల నుంచి తిరిగి వచ్చాయి, మిగిలినవి రాలేదు. కాబట్టి ఒక హార్డ్ డిస్కు మీతో, ఒకటి ఇక్కడ. సెలవులకు వచ్చినప్పుడల్లా కొత్తవి ఇందులో వేసి వెళ్లండి. క్లౌడ్‌లో ఉన్నాయి కదా అంటారు. ఆ పాస్‌వర్డ్ మీకు తప్ప ఇంట్లో ఇంకెవరికి తెలుసు? ఏడాదికోసారి మంచివి ఏరి ప్రింట్లు వేయించి, వెనక పెన్సిల్‌తో పేర్లు, ఊరు, సంవత్సరం రాయండి. అలాగే ఇంట్లోని పాత ఆల్బమ్‌లను వెళ్లే ముందే కిటికీ వెలుగులో, ఫ్లాష్ లేకుండా ఫోనుతో తీసుకోండి. తీసేటప్పుడు నానమ్మను పక్కన కూర్చోబెట్టుకుని ఎవరెవరో అడగండి. టైము చాలకపోతే ఇంటి దగ్గర ఉండే చెల్లెలికో తమ్ముడికో ఆ పని అప్పగించి వెళ్లండి, విమానం ఎక్కాక ఫోనులో చెబితే ఎవరూ చేయరు.