కొబ్బరి మొక్క వేసే ముందు

చిరంజీవి అల్లుడికి,

మావయ్య దీవెనలు. ఇక్కడంతా క్షేమం. ఫోనులో చెబుదామంటే మధ్యలో ఇంకో కాల్ వస్తోందంటావు. అంచేత కాగితం మీద పెడుతున్నాను, తీరిగ్గా చదువు.

నువ్వడిగినవి మూడు. యాభై సెంట్లలో ఎన్ని మొక్కలు పడతాయి, ఏ రకం తొందరగా కాస్తుంది, ఎన్నాళ్లకి డబ్బు కళ్లబడుతుంది. మొదటిదానికి జవాబు ఒక్క మాట: ముప్పై ఒకటి, మహా అయితే ముప్పై రెండు. ఈ ఉత్తరమంతా మిగతా రెండింటి గురించే.

పది రోజుల సెలవులో వచ్చి గోతులు తీయించి, మొక్కలు పాతించి, డ్రిప్పు బిగించి వెళ్లిపోతానన్నావు. పది రోజుల్లో అయ్యే పనే అది. చెయ్యకూడని పని కూడా అదే.

ముందు కొబ్బరి చెట్టు లెక్క తెలుసుకో. మొవ్వు లోపల, అంటే చెట్టు తలలో లేతాకు పుట్టే చోట, ఒక పూగెల మొదలైన రోజు నుంచి అది పొత్తి కట్టి, మట్ట సందులోంచి బయటికొచ్చి విచ్చుకోవడానికి సుమారు 32 నెలలు పడుతుంది. పిందె పట్టాక కాయ ముదరడానికి ఇంకో 11, 12 నెలలు. కలిపితే మూడేళ్ల ఎనిమిది నెలలు. ఈ వేసవిలో నీళ్లు తప్పించావనుకో, కొన్ని పిందెలు ఇప్పుడే రాలతాయి, అసలు దెబ్బ మాత్రం రెండు మూడేళ్ల తరవాత గెలలో కనబడుతుంది. ఈ ఏడు వేసిన ఎరువుదీ అదే దారి. చాలామంది రైతులు ఇక్కడే బోల్తా పడతారు. ఒక ఏడాది ఎరువేసి, కాపు పెరగలేదని మానేస్తారు. మూడో ఏడు కాపు పెరిగితే ఆ పుణ్యం ఆ ఏడాది కొట్టిన ఏదో మందు డబ్బాకి కట్టబెడతారు.

ఇక రకం. నువ్వు పంపిన వీడియోలో మూడేళ్ల చెట్టుకి గెలలు వేలాడుతున్నాయి. అబద్ధమనను. పొట్టి రకాలు మూడు, నాలుగేళ్లకే పూస్తాయి, బొండాలకి బాగుంటాయి. కానీ వాటి కొబ్బరి పలచన, నీటి ఎద్దడికి తట్టుకోవు, ఒక ఏడు విరగకాసి మరో ఏడు మొహం చాటేస్తాయి. మన దేశవాళీ పొడవు రకం కాపుకి రావడానికి ఆరేడేళ్లు తీసుకుంటుంది. ఒకసారి కుదురుకుంటే అరవై ఏళ్లు దాటినా కాస్తూనే ఉంటుంది. రెంటికీ మధ్యలో గోదావరి గంగ ఉంది. దేశవాళీ పొడవు చెట్టునీ గంగాబొండం అనే పొట్టి రకాన్నీ కలిపి కోనసీమలోని అంబాజీపేట కొబ్బరి పరిశోధన స్థానంలో తీసిన సంకరం అది. నాలుగేళ్ల ప్రాంతంలో పూతకొస్తుంది, అటు బొండానికీ ఇటు కాయకీ పనికొస్తుంది. నా మాట వింటే ఇరవై దేశవాళీ, పన్నెండు గోదావరి గంగ వెయ్యి. ఒక్క జాగ్రత్త. సంకరం చెట్టు కాయ బాగుంది కదాని దాన్ని మొలకేసి నాటకు, పిల్ల తల్లిలా రాదు.

మొక్క కొనేటప్పుడు ఎత్తు చూసి మోసపోవద్దు. తొమ్మిది నెలల నుంచి ఏడాది వయసు, కనీసం ఆరు ఆకులు, మొదలు దగ్గర చుట్టుకొలత 10 సెంటీమీటర్లకి తగ్గకూడదు. ఆకు తొందరగా రెబ్బలుగా చీలిందంటే మొక్క చురుకైనదని అర్థం. పొడవుగా సాగి, మొదలు సన్నగా ఉండి, ఆకులు ఇంకా అతుక్కునే ఉన్నవి నీడలో కిక్కిరిసి పెరిగినవి. మొలకే ఆలస్యంగా వచ్చిన కాయలు కూడా కొన్నిచోట్ల గుట్టలో కలిపేస్తారు. మడిలో పాతిన కాయ ఆరు నెలల్లోపు మొలవకపోతే దాన్ని తీసి పారెయ్యాలి. అలాంటిది జాలిపడి పెంచితే ఎప్పటికీ వెనకబడే ఉంటుంది. ఓపిక పట్టకూడని చోట ఇదొకటి! ముప్పై రెండు కావాలంటే ముప్పై ఆరు తెచ్చుకో. మిగిలిన నాలుగూ ఒక మూల పాతిపెట్టు, మొదటి రెండేళ్లలో చచ్చినవాటి స్థానంలోకి పనికొస్తాయి. కడియం నర్సరీల వైపు వెళ్తే ఒక పూట కేటాయించు. మడిలోంచి పారతో మట్టిగడ్డతో సహా తీయించు. ఆకు పట్టుకుని పీకితే వేళ్లు తెగి, ఆరు నెలలు ఎదుగూ బొదుగూ ఉండదు. తెచ్చాక నీడలో పెట్టి, వీలైనంత త్వరగా నాటెయ్యాలి.

గోతుల సంగతి. మొక్కకీ మొక్కకీ, వరసకీ వరసకీ 8 మీటర్లు, అంటే 26 అడుగులు. ఇరవై అడుగులకి వేస్తే మొక్కలు ఎక్కువ పడతాయని పాలేరు చెబుతాడు, వినకు. పన్నెండో ఏట మట్టలు ఒకదాన్నొకటి రాసుకుంటాయి. వెలుతురు కోసం చెట్లు పైకి సాగడమే తప్ప కాయవు. అప్పుడు నరకడానికి చెయ్యి రాదు.

ఏప్రిల్, మే నెలల్లో కాలువలకి నీళ్లు కట్టేశాక నేలలో నీటిమట్టం దిగుతుంది. గొయ్యి తీయాల్సింది అప్పుడే. మూడున్నర అడుగుల పొడవు, అంతే వెడల్పు, అంతే లోతు. పైమట్టి ఒక పక్కకి, అడుగుమట్టి ఇంకో పక్కకి వెయ్యమను. నెల రోజులు ఎండకి వదిలెయ్యి. తరవాత అడుగున కొబ్బరి డొక్కలు, అదే కాయ ఒలిచిన పీచు తొక్కలు, రెండు వరసలు పరిపించు, బోర్లా కాదు, గిన్నెలా వెల్లకిలా. వాన నీళ్లు వాటిలో నిలిచి వేసవిలో వేళ్లకి అందుతాయి. పైన పైమట్టి, బాగా చివికిన పశువుల ఎరువు, 2 కిలోల సూపర్ ఫాస్ఫేటు కలిపి రెండడుగుల ఎత్తు దాకా నింపు. మిగతాది ఖాళీగానే ఉండాలి. పచ్చి పెంట మాత్రం వెయ్యొద్దు, కొమ్ము పురుగు గుడ్లు పెట్టేది అందులోనే.

ఇదంతా చేనులో తూర్పు సగానికి, అది మెరక కాబట్టి. పడమర బోదె వైపు పల్లం. అక్కడ గొయ్యి తీస్తే శ్రావణంలో మొక్క మునిగి కుళ్లుతుంది. ఆ వైపు మట్టి పోయించి దిబ్బలు కట్టి, వాటి మీద నాటి, మధ్యలో నీరు పోవడానికి కాలవ తియ్యాలి. మెరకలో తొలకరి పడ్డాక నాటు. పల్లంలో వాన నీరు తీసి నేల కాలికి అంటుకోని స్థితి వచ్చేదాకా, కార్తీకమైనా సరే, ఆగు.

నాటేటప్పుడు కాయ మాత్రమే మట్టిలో మునగాలి, మొదలు పైకి కనబడాలి. చుట్టూ కాలితో గట్టిగా తొక్కి, ఊగకుండా కర్ర కట్టు. ఖాళీ వదిలిన భాగాన్ని ఏడాదికింత చొప్పున, మాను పెరిగినకొద్దీ, గొయ్యి అంచులు చెక్కుతూ నింపుకుంటూ పోవాలి. ఒకేసారి నింపితే మట్టి మొవ్వులోకి దిగి కుళ్లుతుంది. అసలు నింపకపోతే మాను మొదలు గాలిలోనే ఉండిపోతుంది. కొబ్బరికి తల్లి వేరు లేదు. మొదట్లోంచి పుట్టే పీచు వేళ్లే దాన్ని నిలబెట్టాలి, ఆ మొదలు ఎంత లోతున ఉంటే గాలికి అంత పట్టు. 1996 నవంబరు 6 తుపాను కోనసీమలో తోటలకి తోటలు పడుకోబెట్టింది. ఆ తరవాత రెండు మూడేళ్లలో నాటినవే ఇప్పుడు నిండు కాపులో ఉన్నాయి. వానాకాలంలో పెద్దవాన పడ్డప్పుడల్లా ఎవరో ఒకరు వెళ్లి మొక్క మట్ట సందుల్లో చేరిన మట్టి తీసెయ్యాలి. ఇది డ్రిప్పు చేసే పని కాదు.

నీళ్లు: మొదటి రెండు వేసవులూ నాలుగు రోజులకోసారి మొక్కకి 45 లీటర్లు. కాలువలు కట్టేసే నెలల్లోనే మొక్కకి అసలు దాహం, బోరు లేకపోతే ముందే చూసుకో. పడమటెండ తగలకుండా అల్లిన మట్టలతో దడి కట్టించు.

ఎరువు నాటిన మూడు నెలలకి మొదలుపెట్టు. కాపు చెట్టుకి ఏడాదికి యూరియా కిలో, సూపర్ ఫాస్ఫేటు 2 కిలోలు, పొటాష్ రెండున్నర కిలోలు, 25 కిలోల పశువుల ఎరువు, 2 కిలోల వేపపిండి. పిల్లమొక్కకి రసాయన ఎరువులు మొదటి ఏడు ఇందులో పదో వంతు, రెండో ఏడు మూడో వంతు, మూడో ఏడు మూడింట రెండు వంతులు, నాలుగో ఏటి నుంచి పూర్తి మోతాదు. రెండు దఫాలుగా, పాదులో చుట్టూ చల్లి మట్టి కప్పాలి, మాను మొదలు దగ్గర కుప్ప పొయ్యకూడదు. మన పల్లెల్లో ఎక్కువమంది యూరియా వేసి పొటాష్ ఎగ్గొడతారు. యూరియా పడితే మూడు వారాల్లో ఆకు నల్లగా నిగనిగలాడుతుంది, పొటాష్ పని కాయలో తప్ప కనబడదు, దానికి మూడేళ్లాగాలి. కంటికి కనబడేదానికే డబ్బు పెట్టే అలవాటు కొబ్బరితో వచ్చింది కాదులే.

చెట్టు ఆగమంటుంది గాని ఇల్లు ఆగదు, తెలుసు. అందుకే మొదటి నాలుగేళ్లు మధ్యలో అరటి వెయ్యి. కర్పూరమో చక్కెరకేళో ఏడాది తిరిగేలోపు గెల చేతికిస్తుంది. కొబ్బరి గొయ్యికి ఆరడుగుల లోపు మాత్రం రానివ్వకు. కంద కూడా బాగా వస్తుంది. ఏడెనిమిదేళ్లు దాటాక నీడ ముదురుతుంది, అప్పుడు కోకో చూసుకోవచ్చు.

పూత వచ్చిన కొత్తలో కంగారు పడతావు, ముందే చెబుతున్నా. మొదటి ఒకటి రెండు గెలల్లో అన్నీ మగపూలే ఉండొచ్చు, ఉన్న నాలుగు పిందెలూ రాలొచ్చు. అది రోగం కాదు. కాపు కాసే చెట్టు కూడా పట్టిన ఆడపూలలో సగానికి పైగా రాల్చేస్తుంది. పిందె రాలుతోందని షాపులో చెప్పగానే ఏదో టానిక్కు అంటగడతారు. ముందు నీళ్లు, పొటాష్ సరిగ్గా అందుతున్నాయా చూసుకో.

తెల్లదోమ సంగతీ అంతే. ఆకు అడుగున తెల్లటి చుట్టల్లా గుడ్లు పెడుతుంది, కింది మట్టల మీద నల్లటి మసి పేరుకుంటుంది. చూడ్డానికి భయంకరంగా ఉంటుంది గాని దానివల్ల చెట్టు చావదు. ఘాటు మందులు కొడితే దోమని తినే ఎన్కార్సియా అనే సన్నటి కందిరీగలు ముందు చస్తాయి, దోమ రెట్టింపై తిరిగొస్తుంది. ఆకు అడుగుకి నీళ్లు బలంగా కొట్టించు. అంబాజీపేటలో ఐసేరియా అనే శిలీంధ్రం ఇస్తారు, అది పిచికారీ చేయించు. మసి పోవడానికి పలచటి గంజి చాలు, ఆరాక పెచ్చులుగా ఊడిపోతుంది.

ఇప్పుడు ఒక్క రోజు కూడా ఆగకూడనివి. కొత్త ఆకు విచ్చుకున్నాక కత్తెరతో కత్తిరించినట్టు కనబడితే కొమ్ము పురుగు మొవ్వులో ఉన్నట్టే. ఇనప చువ్వతో లాగించి, పై మూడు మట్ట సందుల్లో వేపపిండి, ఇసుక చెరి పావుకిలో కలిపి పొయ్యి. అది చేసిన గాయంలోంచే ఎర్ర ముక్కు పురుగు దూరుతుంది. మానుకి చెవి ఆనిస్తే కొరుకుతున్న చప్పుడు, చిల్లుల్లోంచి ఎర్రటి రసం. దీనికి వారం ఆలస్యమైతే మొవ్వు వాలిపోతుంది. అందుకే చెట్టెక్కడానికి మానుకి మెట్లు కొట్టనివ్వకు. పచ్చి మట్ట కొట్టాల్సొస్తే నాలుగడుగుల కాడ వదిలి కొట్టమను. మాను మొదలు దగ్గర బంక కారితే అది గానోడెర్మా, వేళ్లనీ మొదలునీ కుళ్లబెట్టే శిలీంధ్రం తెగులు. ఆ చెట్టు చుట్టూ రెండడుగుల లోతు కందకం తీసి, దాని నీళ్లు పక్క చెట్టుకి పారకుండా చెయ్యి. అయిదు కిలోల వేపపిండిలో 50 గ్రాముల ట్రైకోడెర్మా అనే మేలు చేసే శిలీంధ్రం కలిపి పాదుల్లో వెయ్యి, పక్క చెట్లకి కూడా. చెట్టు నుంచి చెట్టుకి నీరు పారించే తోటల్లో ఇది ఇట్టే పాకుతుంది. నీ డ్రిప్పు పనికొచ్చేది ఇక్కడే.

దింపు గురించి ఇప్పుడే ఎందుకు అనుకోకు. 11 నెలలు నిండని కాయ దింపితే కొబ్బరి పలచగా ఉంటుంది, కురిడీకి అసలు పనికిరాదు. కురిడీ అంటే కాయని ఒలవకుండా అటక మీద ఎనిమిది నెలల నుంచి ఏడాది దాకా ఉంచి, నీరు ఇంకి లోపల కొబ్బరి గుండులా విడి కదిలేదాకా ఆగడం. గండేరా, గటగట అని రకాలుగా అమ్ముతారు. లాభం ఖాయమని నేననను, ధర పడిపోయే ఏడు కూడా ఉంటుంది. చేతిలో డబ్బు ఆడుతున్నవాడికే అది తగును.

సెలవు రెండు ముక్కలు చేసుకో. ఉగాదికి మూడు రోజులు రా, కొలతలు పెట్టి మేకులు కొడదాం. వచ్చేటప్పుడు సాగని నైలాన్ తాడు ఒకటి పట్రా, 26 అడుగులకో ముడి వేసి. మిగతా ఏడు రోజులూ తొలకరికి ఉంచుకో. మేలో గోతులు తీయించే బాధ్యత నాది. డొక్కలు ఇప్పట్నుంచే పోగేయిస్తున్నాను. గొయ్యికి యాభై అనుకున్నా, మెరక సగంలో పదహారు గోతులకి ఎనిమిది వందలు కావాలి.

మీ అత్తయ్య అడిగినట్టు చెప్పమంది.

ఇట్లు,
మావయ్య