పాత ప్రోగ్రాం, కొత్త పీహెచ్‌పీ

ప్రశ్న: మా పొదుపు సంఘం లెక్కల ప్రోగ్రాంను నేనే పీహెచ్‌పీ అనే వెబ్ ప్రోగ్రామింగ్ భాషలో రాశాను. సర్వర్‌లో దాని 7.4 వెర్షన్ తీసి 8.2 పెట్టగానే తెర నిండా హెచ్చరికలు వస్తున్నాయి. ఒక్క లైనుతో అన్నీ ఆపేయవచ్చని స్నేహితురాలు అంటోంది. ఆపేయమంటారా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: సభ్యులు చూసే తెర మీద ఆపండి. సర్వర్ హెచ్చరికలు రాసుకునే లాగ్ ఫైలులోకి మాత్రం రానివ్వండి, మీ పనికి ఆధారం అదే.

వాటిలో కొన్ని డైనమిక్ ప్రాపర్టీల గురించి అయి ఉండవచ్చు. క్లాసులో (డేటాను, దానితో చేసే పనులను ఒకచోట చేర్చే కోడ్ ముక్క) ముందుగా ప్రకటించని ప్రాపర్టీకి, అంటే అందులో విలువ దాచే పేరుకు, విలువ ఇస్తే 8.2 ఇలా హెచ్చరిస్తుంది, 9.0లో అదే ఎర్రర్ అవుతుంది. ప్రకటిస్తే సరిపోతుంది. అన్నిటికీ ఇప్పుడే తీరిక లేకపోతే, క్లాసుకు పై లైనులో ‘అలౌ డైనమిక్ ప్రాపర్టీస్’ అనే ఆట్రిబ్యూట్ (పీహెచ్‌పీకి సూచన ఇచ్చే గుర్తు) పెట్టండి. అది హ్యాష్ గుర్తుతో మొదలవుతుంది కనుక 7.4 దాన్ని కామెంటు (నడపనక్కర్లేని వ్యాఖ్య) అనుకుని వదిలేస్తుంది. ఒకే ఫైలు రెండు చోట్లా నడుస్తుంది. పాత కోడ్ రాసినవాళ్లను గుర్తుపెట్టుకుని చేసిన ఇలాంటి ఏర్పాటంటే నాకు ఎంతో గౌరవం.

నా భయమంతా చప్పుడు చేయని మార్పు గురించే. ఖాళీ స్ట్రింగ్‌ను (ఒక్క అక్షరమూ లేని విలువను) సున్నాతో రెండు ఈక్వల్ గుర్తులు పెట్టి పోలిస్తే 7.4 సమానమనేది. 2020 నవంబరులో వచ్చిన 8.0 నుంచి కాదంటోంది. బాకీ గడి ఖాళీగా వదిలిన సభ్యురాలు నిన్నటిదాకా ‘బాకీ లేదు’ జాబితాలో ఉంటే, ఈరోజు బాకీదారుల్లో తేలుతుంది. లాగ్‌లో ఒక్క ముక్కా ఉండదు. పైసా బాకీ లేని మనిషిని నలుగురిలో నిలదీసే పరిస్థితి రాకూడదు. అందుకే ముందు ఇలాంటి పోలికలన్నీ వెతకండి. పోల్చే ముందు విలువను సంఖ్యగా మార్చితే రెండు వెర్షన్లలోనూ ఒకే జవాబు వస్తుంది. అయితే ఇంటీజర్‌గా (పూర్ణసంఖ్యగా) మార్చకండి, 0.50 కాస్తా సున్నా అయిపోతుంది. పైసలున్న చోట ఫ్లోట్ (దశాంశ సంఖ్య) వాడండి.

జాబితాలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టే కౌంట్‌ ఫంక్షన్‌కు నల్ (విలువే లేదని చెప్పే గుర్తు) అందితే 7.4 హెచ్చరించి సున్నా ఇచ్చేది, ఇప్పుడు పేజీయే ఆగిపోతుంది. నల్ వచ్చే చోట ఖాళీ అర్రే (జాబితా) ఇవ్వండి.

7.4కు భద్రతా సవరణలు 2022 నవంబరులోనే ఆగాయి, కాబట్టి సర్వర్‌ను వెనక్కి తిప్పమని చెప్పను. మీ కంప్యూటర్‌లో మాత్రం 7.4, 8.2 రెండూ పెట్టుకోండి. ఒకే నెల లెక్కలను రెండింటిలోనూ నడిపి, బాకీ జాబితాలను పేరు పేరునా సరిపోల్చండి. తేడా వచ్చిన ప్రతి పేరు దగ్గరా కోడ్ తెరిచి చూడండి. అంతవరకు ఆ జాబితాను సంఘం సమావేశంలో చదవకండి.