పుస్తక ప్రశ్నోత్తరాలు: బామ్మ పెట్టిన గడువు, లెక్స్ రాసుకున్న జాబితా

కిందటి సంచికలో పరిచయం చేసిన ‘సుషీ ఫర్ వన్?’ అనే ఆంగ్ల నవల మీద వచ్చిన ఉత్తరాలలో కొన్నిటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాము. ఆ పరిచయం చూడనివారి కోసం కథను క్లుప్తంగా చెప్పాలి. కామీ టాంగ్ రాసిన ఈ క్రైస్తవ ప్రేమ నవలను 2007లో అమెరికాలోని జోండర్వాన్ సంస్థ ప్రచురించింది. నాయిక లెక్స్ సకాయ్ కాలిఫోర్నియాలోని శాన్ హోసే ప్రాంతంలో పెరిగిన జపనీస్ సంతతి అమ్మాయి. వాలీబాల్ అంటే ప్రాణం. ఆమెది పెద్ద కుటుంబం, అందరికీ అందరి విషయాలూ కావాలి. ఆ ఇంట్లో క్రైస్తవ విశ్వాసంలో ఉన్నవారు లెక్స్, ఆమెకు వరసకు అక్కచెల్లెళ్ళయ్యే మరో ముగ్గురు మాత్రమే. ఇంకో బంధువైన మారికో పెళ్ళి జరిగిపోతే ఆ తరంలో పెళ్ళికాని వారందరికీ లెక్సే పెద్దదవుతుంది కనుక, ఆ పెళ్ళి నాటికి ఒక అబ్బాయిని చూసుకోకపోతే ఆమె శిక్షణ ఇస్తున్న బాలికల జట్టుకు డబ్బు ఇవ్వడం మానేస్తానని బామ్మ గడువు పెడుతుంది. లెక్స్ మాత్రం బైబిలు అధ్యయనంలో ఎఫెసీయులకు రాసిన పత్రికను ముందు పెట్టుకుని, తనకు కాబోయేవాడికి ఉండవలసిన లక్షణాలతో ఒక పెద్ద జాబితా తయారుచేసుకుని ఉంటుంది. తరచుగా ఎదురుపడే యువకుడిలో ఆ జాబితాలోని గుణం ఒక్కటీ కనిపించదు.

ప్రశ్న: వందనాలు. నేను మా సంఘంలో ఆదివారపు బడి పిల్లలకు పాఠాలు చెబుతాను. దేవుని వాక్యంలోంచి పెళ్ళికొడుకు గుణాల పట్టిక తీసి, దాన్ని హాస్యానికి వాడుకోవడం నాకు బాధ కలిగించింది. ప్రార్థన, వాక్యం కంటే చీరలు, నగల స్థానంలో అక్కడి బట్టలు, బూట్ల గురించే ఎక్కువ చదివినట్టు అనిపించింది. దీన్ని క్రైస్తవ నవల అని ఎలా అంటారు? (గుంటూరు)

జవాబు: మీ ఉత్తరంలో రెండు అభ్యంతరాలు ఉన్నాయి. రెండవదానితో నేను కొంతవరకు ఏకీభవిస్తాను. మొదటిదానితో ఏకీభవించలేను, ఎందుకంటే రచయిత్రి హాస్యమాడింది వాక్యం మీద కాదు, వాక్యాన్ని లెక్స్ వాడుకున్న తీరు మీద. ఎఫెసీయుల పత్రిక నాలుగు, ఐదు అధ్యాయాలను మరొకసారి చదివి చూడండి. వినయంగా ఉండమని, ఒకరినొకరు సహించమని, కోపాన్ని విడిచిపెట్టమని, దయ కలిగి క్షమించమని పౌలు చెబుతున్నది ఆ పత్రికను చదువుకునే సంఘంలోని ప్రతి ఒక్కరికీ. భర్తలకు, భార్యలకు వేర్వేరుగా చెప్పిన మాటలు ఆ తరువాత వస్తాయి. వాటిలో కూడా ఎవరి బాధ్యత వారికి చెప్పాడే గాని, ఎదుటివారిని ఎలా పరీక్షించాలో చెప్పలేదు. తన నడవడిని దిద్దుకోవడానికి ఇచ్చిన మాటలను ఎదుటివాడికి మార్కులు వేయడానికి వాడుకున్న అమ్మాయి కథ ఇది. అంతా తన చేతిలో ఉండాలనుకునే లెక్స్ ఆ పట్టును దేవునికి వదిలిపెట్టడం నేర్చుకోవడమే నవలలోని ఆత్మీయ విషయం. కనుక ఆ జాబితా నవ్వులపాలు కావడం కథకు అవసరం.

ఇక బోధ తక్కువైందన్న మాటకు వద్దాం. ఈ రకం నవలలకు అమెరికాలో ఒక మూస ఏర్పడడానికి కొంతకాలం పట్టింది. 1979లో కెనడా రచయిత్రి జానెట్ ఓక్ తొలి నవలను బెథనీ హౌస్ ప్రచురించినప్పుడు, ప్రైరీ మైదానాలలో కాపురం పెట్టిన వలస కుటుంబాల ప్రేమకథలను క్రైస్తవ పుస్తకాల దుకాణాలలో పెట్టి అమ్మవచ్చునని ప్రచురణకర్తలకు తెలిసింది. ఆ తరువాత 1990లలో, ఆధునిక సౌకర్యాలకు దూరంగా బతికే ఆమిష్ అనే క్రైస్తవ శాఖ పల్లెల కథలు వచ్చి, ఆ దారి మరింత విశాలమైంది. పడకగది తలుపు మూసే ఉండాలి, బూతు మాట ఉండకూడదు, నాయికా నాయకుల ప్రేమతో పాటు వారి విశ్వాసంలో కూడా ఒక మార్పు కనిపించాలి అన్నవి ఈ నవలల అలిఖిత నియమాలు. కొత్త శతాబ్దం మొదటి పదేళ్ళలో నగరంలో ఉద్యోగం చేసే అవివాహిత యువతుల సరదా కథలు బాగా అమ్ముడుపోతున్నందున, అదే ధోరణిని క్రైస్తవ ప్రచురణ సంస్థలు కూడా అనుసరించాయి. ఈ నవల ఆ అలలో వచ్చినదే. అందువల్ల ప్రార్థనలు ఉన్నా, అవి హడావుడి మధ్యలో, ఒక్కోసారి విసుగుతో, సగంలో ఆగిపోయే ప్రార్థనలుగా ఉంటాయి. ఆదివారపు ప్రసంగంలా నిలకడగా సాగే వాక్యధ్యానం కోసం వెతికితే ఇక్కడ దొరకదు. బూట్ల విషయంలో మాత్రం నాకూ కొంచెం ఎక్కువే అనిపించింది.

ప్రశ్న: నేను పదిహేనేళ్ళుగా శాన్ హోసేలోనే ఉంటున్న తెలుగువాణ్ణి. లెక్స్ బామ్మ అచ్చం మా మేనత్తలాగే ఉంది. నా కూతురికి ఇస్తే ‘నాన్నా, ఇది మన ఇల్లే’ అంది. ఇంతగా మనకు దగ్గరగా ఉన్న కథను కొందరు అమెరికన్ స్నేహితులు ‘ఆసియా వాళ్ళను మూసలో పోసి చూపించింది’ అంటున్నారు. మీరేమంటారు?

జవాబు: మీ అమ్మాయి మాట నాకు సంతోషం కలిగించింది గాని, అందులో సగమే నిజం. పెళ్ళి ఎప్పుడన్న ప్రశ్న, నలుగురి ముందు ఆ ప్రశ్న వేసే పెద్దావిడ, ఎవరి కొడుకుకో ఉద్యోగం వచ్చిందని మన ముందు పనిగట్టుకుని చెప్పడం వంటివి మనకు బాగా తెలిసినవే. అయితే మీ ఇంటి చరిత్రకు, సకాయ్ లాంటి ఇంటి చరిత్రకు చాలా దూరం ఉంది. తెలుగువారిలో ఎక్కువమంది 1965 వలస చట్టం తరువాత, ముఖ్యంగా 1990ల నుంచి చదువుల కోసం, సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల కోసం వెళ్ళినవారు. జపనీయుల వలసను 1924 నాటి చట్టం దాదాపు పూర్తిగా ఆపివేసింది. అంటే కాలిఫోర్నియాలోని పాత జపనీస్ కుటుంబాలు అంతకు ముందే అక్కడ పాతుకున్నవి. వారిలో జపాన్ నుంచి వలస వచ్చిన తరానికి 1913 నాటి చట్టంతో ఆ రాష్ట్రంలో సాగుభూమి కొనే హక్కు లేకుండా పోయింది. 1942 ఫిబ్రవరిలో వెలువడిన 9066వ అధ్యక్ష ఉత్తర్వు కింద పడమటి తీరంలోని సుమారు 1,20,000 మంది జపనీస్ సంతతివారిని ఇళ్ళు, పొలాలు వదిలించి నిర్బంధ శిబిరాలకు తరలించారు. వారిలో అధిక సంఖ్యాకులు అమెరికా పౌరులే. శ్వేతజాతీయులతో వారి వివాహాన్ని నిషేధించిన కాలిఫోర్నియా చట్టాన్ని ఆ రాష్ట్ర సర్వోన్నత న్యాయస్థానం కొట్టివేసింది 1948లో మాత్రమే. ఇన్ని చూసిన సమాజంలో పెద్దావిడ మనవరాలి పెళ్ళి గురించి పట్టుబట్టడంలో, బంధువులు చెదిరిపోకుండా చూసుకోవాలన్న పాత భయం కూడా కలిసి ఉండవచ్చునని నాకు అనిపిస్తుంది. ఇది నా ఊహే గాని నవలలో చెప్పిన కారణం కాదు. నవలలో బామ్మ ముఖ్యంగా నవ్వించడానికే వస్తుంది.

మీ ఊళ్ళోనే మీరు చూడగలిగినది ఒకటుంది. జపాన్‌టౌన్ అని పిలిచే పాత జపనీస్ పేటలు అమెరికాలో నేటికి మూడే మిగిలాయి, వాటిలో ఒకటి శాన్ హోసేది. అక్కడ నార్త్ ఫిఫ్త్ వీధిలో వెస్లీ మెథడిస్టు చర్చి, బౌద్ధ ఆలయం ఒకదానికొకటి నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్నాయి. ఒకే కుటుంబంలో కొందరు అటు, కొందరు ఇటు వెళ్ళడం అక్కడ వింత కాదు. నలుగురు క్రైస్తవ అక్కచెల్లెళ్ళు, మిగిలిన ఇల్లంతా వేరే దారి అన్న కథాపరిస్థితి ఆ నేలలోంచి వచ్చినదే.

మూస గురించి మీ స్నేహితులు అన్నదాన్ని కూడా తోసిపుచ్చలేను. దానికి కారణం నవలలో కంటే నవల వెలువడిన వాతావరణంలో ఎక్కువగా ఉంది. అమెరికన్ క్రైస్తవ ప్రచురణ రంగం ఆసియా వారిని చూపించిన తీరు చాలాకాలం సిగ్గుపడవలసిన విధంగా ఉండేది. మన దగ్గర వేసవిలో వి.బి.ఎస్. అని పిల్లలకు నడిపే సెలవుల బైబిలు బడి లాంటి అక్కడి బడుల కోసం, 2004లో సదరన్ బాప్టిస్టుల ప్రచురణ సంస్థ లైఫ్‌వే రిక్షాల పేరుతో ఒక తూర్పు దేశాల పాఠ్యక్రమం తయారుచేసింది. ఆసియా సంతతి క్రైస్తవులు, ముఖ్యంగా సూంగ్ చాన్ రా వంటి పాస్టర్లు, ఇది తమను వేళాకోళం చేయడమేనని అప్పుడే గట్టిగా చెప్పినా, ఆ సంస్థ అధ్యక్షుడు బహిరంగంగా క్షమాపణ చెప్పింది 2013లో. మన నవలను ప్రచురించిన జోండర్వానే 2009లో కుంగ్‌ఫూ, నింజా బొమ్మలతో పురుషుల కోసం ఒక నాయకత్వ పుస్తకం వేసింది. అందులో చైనీయుల యాసను ఎగతాళి చేశారన్న నిరసన రావడంతో, ఆ నవంబరులోనే దాన్ని మార్కెట్ నుంచి వెనక్కి తీసుకుని క్షమాపణ చెప్పింది. అటువంటి రంగంలో, అంతకు రెండేళ్ళ ముందే, ఒక ఆసియన్ అమెరికన్ రచయిత్రి తన సమాజాన్ని తానే, లోపలినుంచి, సరదాగా చెప్పుకోగలగడం చిన్న విషయం కాదు. లెక్స్ అణకువగా తలవంచుకుని కూర్చునే ఆసియా అమ్మాయి కాదు. పొగరుబోతు, పోటీ మనిషి, నోరు జారేదీ ఆమే. మూసను పగలగొట్టింది నాయిక పాత్రే.

నాకున్న ఫిర్యాదు పేరు విషయంలో. జోండర్వాన్ వేసిన ఈ వరుసలోని మూడు పుస్తకాలకూ జపనీస్ హోటల్ పట్టికలోని వంటకాల పేర్లే పెట్టారు. మన అమ్మాయి ప్రేమకథకు ఎవరైనా ‘ఒంటరి పులిహోర’ అని పేరు పెడితే మీ అమ్మాయి ఏమంటుందో అడిగి చూడండి.

ప్రశ్న: నేను క్రైస్తవురాలిని కాను. వారపత్రికల సీరియళ్ళు చదివి పెరిగినదాన్ని. ఈ నవల నాకు నచ్చుతుందా? (వరంగల్)

జవాబు: మొదటి సగం తప్పకుండా నచ్చుతుంది. రెండవ సగంలో విశ్వాసం గురించిన పేజీలు మీకు నిదానంగా తోచవచ్చు, కాని వాటిని దాటవేస్తే లెక్స్ ఎందుకు మారిందో అర్థం కాదు.

ప్రశ్న: అవిశ్వాసిని పెళ్ళి చేసుకోకూడదన్న పట్టుదల లెక్స్‌లో చూసినప్పుడు నాకు మా ఇంటి పెళ్ళి సంబంధాలే గుర్తుకు వచ్చాయి. మా వాళ్ళు ‘రక్షణ పొందిన అబ్బాయి కావాలి’ అని మొదలుపెట్టి, చివరికి కులం దగ్గర ఆగుతారు. లెక్స్ నియమానికి, మావాళ్ళ నియమానికి తేడా ఏమిటి? (విశాఖపట్నం)

జవాబు: వచ్చిన ఉత్తరాలన్నిటిలో ఇది నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. లెక్స్ నియమానికి ఆధారం కొరింథీయులకు రాసిన రెండవ పత్రిక ఆరవ అధ్యాయంలోని ‘మీరు అవిశ్వాసులతో జోడుగా ఉండకుడి’ అన్న మాట. ఆ మాట వచ్చిన చోట పౌలు పెళ్ళి గురించి ప్రత్యేకంగా మాట్లాడటం లేదు. విగ్రహారాధనతో పొత్తు గురించి, మొత్తం జీవితం గురించి మాట్లాడుతున్నాడు. పెళ్ళి గురించి నేరుగా చెప్పిన చోట, అంటే మొదటి పత్రిక ఏడవ అధ్యాయంలో, అప్పటికే అవిశ్వాసితో కాపురం చేస్తున్నవారు, ఆ జీవిత భాగస్వామికి ఇష్టమైతే, విడిచిపెట్టవద్దని అంటాడు. అదే అధ్యాయం చివర, విధవరాలు తిరిగి పెళ్ళి చేసుకుంటే అది ప్రభువునందు మాత్రమే కావాలని కూడా అంటాడు. సంఘాలు ఈ మాటలన్నిటినీ కలిపి పెళ్ళికి నియమంగా బోధిస్తాయి, క్రైస్తవ ప్రేమ నవలలు దాన్నే కథకు ఇరుసుగా వాడుకుంటాయి. నాయకుడు విశ్వాసి కాకపోతే, చివరి అధ్యాయానికి ముందు విశ్వాసి కావలసిందే. ఈ రకం నవలలు నాలుగు చదివిన పాఠకులు ఆ పేజీ ఎప్పుడు వస్తుందా అని ముందే చూసుకుంటారు. ఈ సౌకర్యం నాకు ఎప్పుడూ నచ్చదు, ఎందుకంటే పెళ్ళి కోసం మారాడా, మారినందుకు పెళ్ళయిందా అన్న అనుమానాన్ని కథ తనే రేపి, తనే తొందరగా మూసేస్తుంది. లెక్స్ కథ ఎలా ముగిసిందో చదవబోయేవారి కోసం ఇక్కడ చెప్పను.

మీరు అడిగిన తేడా ఇది. లెక్స్ తన నియమాన్ని తనకు తాను పెట్టుకుంది, ఆ నియమం వల్ల కలిగే నష్టాన్ని కూడా తానే భరిస్తుంది, దానికోసం బామ్మను కూడా ఎదిరిస్తుంది. మీ ఇంట్లో నియమం పెట్టేది వేరొకరు, నష్టం భరించేది మీరు. పైగా విశ్వాసమే కొలమానమైతే వేరే కులంలోని విశ్వాసి దగ్గర సంబంధం ఆగిపోకూడదు. క్రైస్తవ వధూవరుల ప్రకటనలలో సంఘం పేరు పక్కనే కులం పేరు అచ్చవుతూ ఉండటం మన రెండు రాష్ట్రాలలో ఎవరికీ కొత్త కాదు. గలతీయులకు రాసిన పత్రిక మూడవ అధ్యాయంలో యూదుడని, గ్రీసుదేశస్థుడని తేడా లేదని చదివిన నోటితోనే ఆ ప్రకటన రాయించడం ఎలా కుదురుతుందో మీ పెద్దలను మర్యాదగా అడగవచ్చు. ఆ ప్రశ్న మీరు అడిగితే అవిధేయత అవుతుందని అనుకుంటే, మీ పాస్టరుగారిని అడగమనండి.

ప్రశ్న: అమెరికాలో ఆసియా వారు ఎక్కువగా క్రైస్తవులేనా? అందుకేనా ఇలాంటి నాయికలు వస్తున్నారు? (కర్నూలు)

జవాబు: కాదు. ప్యూ పరిశోధన సంస్థ 2022, 2023 సంవత్సరాలలో జరిపిన సర్వేలో ఆసియన్ అమెరికన్ పెద్దలలో 34 శాతం తాము క్రైస్తవులమని చెప్పారు. 2012లో ఆ సంఖ్య 42 శాతం. మూలదేశాన్ని బట్టి ఎంతో తేడా ఉంది: ఫిలిప్పీన్స్ సంతతిలో 74 శాతం, కొరియా సంతతిలో 59 శాతం, భారతీయ సంతతిలో 15 శాతం. జనాభా బలమే నాయికను తెచ్చిపెడితే ముందుగా ఫిలిప్పీనో నాయికలు రావాలి. లెక్స్ వచ్చింది తన లోకాన్ని రాయగల ఒక రచయిత్రి దొరకడం వల్ల, ఆ రచనను వేయడానికి ఒక సంపాదకవర్గం ఒప్పుకోవడం వల్ల.

ప్రశ్న: మిగిలిన పుస్తకాలు ఏ వరుసలో చదవాలి? మా అక్క కూతురికి ముప్ఫై వచ్చాయి, సంబంధాలు చూస్తున్నాము. పుట్టినరోజుకు ఈ మూడూ కలిపి బహుమతిగా ఇద్దామనుకుంటున్నాను. (రాజమహేంద్రవరం)

జవాబు: ‘సుషీ ఫర్ వన్?’ మొదటిది. తరువాత 2008లో వచ్చిన ‘ఓన్లీ యూని’, అదే సంవత్సరం వచ్చిన ‘సింగిల్ సషీమి’ చదవండి. ఒక్కొక్కటి ఒక్కొక్క అక్కచెల్లెలి కథ కనుక విడివిడిగా చదివినా అర్థమవుతాయి. బహుమతి విషయంలో మాత్రం తొందరపడకండి. ముందు మీరు చదవండి, మీ అక్కగారికి ఇవ్వండి. మీ ఇద్దరూ బామ్మ పాత్రను చూసి నవ్వుకోగలిగితే, అప్పుడు అమ్మాయికి ఇవ్వవచ్చు.